ఏరియర్లలో కోత: నోటీసు లేని రికవరీ

డీఏ (కరువు భత్యం) బకాయిలో, పీఆర్సీ (వేతన సవరణ) బకాయిలో, రిటైరయ్యేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీయో వస్తుందని ప్రభుత్వ ఉద్యోగి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే చివరికి బిల్లు వస్తుంది. గ్రాస్ (కోతలకు ముందు మొత్తం) ఘనంగానే ఉంటుంది, చేతికొచ్చే నికరం దగ్గర సున్నా. ‘గతంలో మీకు ఎక్కువ చెల్లించాం, ఇందులో సర్దేశాం’ అన్నదే సమాధానం. ఎప్పుడు ఎక్కువ చెల్లించారు, ఎంత, ఎవరి తప్పు వల్ల అన్న వివరాలతో ఒక్క కాగితం కూడా ఉద్యోగి చేతికి రాదు. జీతంలోంచి నెలనెలా కోస్తే గగ్గోలు పుడుతుంది, కోర్టు కేసు పడుతుంది. ఇంకా చేతికే రాని ఏరియర్లలో కోస్తే ఆ నెల ఇంటి ఖర్చుకు లోటు రాదు కాబట్టి చాలామంది మౌనంగా ఊరుకుంటారు. శాఖలకు ఈ దారి అలవాటు కావడానికి కారణం అదే.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో రాష్ట్రమంతటి ఉద్యోగుల విషయంలో ఇదే జరగబోయింది. 2019 జులై 1 నుంచి 27 శాతం మధ్యంతర భృతి (ఐఆర్) ఇచ్చారు. తర్వాత ఫిట్‌మెంట్‌ను, అంటే పీఆర్సీలో మూల వేతనానికి కలిపే పెంపును, 23 శాతంగా ఖరారు చేశారు. కొత్త పీఆర్సీ ఆర్థిక లబ్ధి 2020 ఏప్రిల్ 1 నుంచే అన్నారు. అంటే అంతకుముందు 9 నెలలు ఇచ్చిన ఐఆర్‌కు ఆధారం లేకుండా పోయింది, ఆ తర్వాత కాలానికి ఐఆర్‌కూ ఫిట్‌మెంట్‌కూ మధ్య తేడా మిగిలింది. ఎక్కువగా వెళ్లిందన్న ఐఆర్‌ను పెండింగ్ డీఏ బకాయిల్లో సర్దేలా జీవోలు వచ్చాయి. ఉద్యోగులు దాన్ని రివర్స్ పీఆర్సీ అన్నారు. ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ జరిగాక, రెండు రోజులకు కుదిరిన చర్చల్లో ఆ 9 నెలల ఐఆర్‌ను వెనక్కి తీసుకోబోమని ప్రభుత్వం ఒప్పుకుంది. వేలాది మంది ఒకేసారి రోడ్డెక్కారు కాబట్టి అది ఆగింది. ఒంటరిగా ఒక జూనియర్ అసిస్టెంట్‌కో, రిటైరైన టీచర్‌కో ఇదే జరిగితే అడిగేవాళ్లు ఉండరు.

ఎక్కువ చెల్లింపు ఎలా పుడుతుందో చూస్తే, అది దాదాపు ఎప్పుడూ కార్యాలయంలోనే పుడుతుంది. ప్రమోషన్ ఫిక్సేషన్‌లో (కొత్త జీతం ఖరారులో) నిబంధన తప్పుగా అన్వయించడం, ప్రమోషన్ లేకుండా ఏళ్ల సర్వీసుకు ఇచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేలుకూ ప్రమోషన్‌కూ ఒకే లాభాన్ని రెండుసార్లు ఇవ్వడం, జూనియర్‌తో సమానంగా స్టెప్పింగ్ అప్ చేసేటప్పుడు షరతులు చూడకపోవడం, జీతం లేని సెలవు కాలాన్ని ఇంక్రిమెంట్‌కు లెక్కించడం. పెన్షన్లలోనైతే ఎక్కువ రేటు ఫ్యామిలీ పెన్షన్ గడువు ముగిసినా అదే రేటు పడుతూ పోవడం. సర్వీస్ రిజిస్టర్ (ఎస్‌ఆర్)లో ఎంట్రీ రాసేది, సంతకం పెట్టేది ఉద్యోగి కాదు. ఏళ్లు గడిచాక ఆడిట్ అభ్యంతరం వస్తుంది, లేదా రిటైర్‌మెంట్ ముందు పెన్షన్ ప్రతిపాదనలు అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి వెళ్లినప్పుడు బయటపడుతుంది. అప్పటికి మొత్తం పేరుకుపోయి ఉంటుంది.

ఎంతగా పేరుకుంటుందో ఒక లెక్క వేద్దాం. పొరపాటున పడిన ఇంక్రిమెంట్ 1,200 రూపాయలు. దానిపై డీఏ సగటున 25 శాతం, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 13 శాతం అనుకుంటే నెలకు 1,656. ఎనిమిదేళ్లకు, అంటే 96 నెలలకు 1,58,976 రూపాయలు. రావలసిన ఏరియర్లు 1,10,000 ఉంటే అవన్నీ పోయి, ఇంకా 48,976 గ్రాట్యుటీ మీద పడుతుంది.

ఇక్కడే చాలామంది గమనించని అన్యాయం ఉంది. శాఖ రాబట్టేది గ్రాస్. ఉద్యోగికి అందింది నికరం. పై ఉదాహరణలోని వ్యక్తి సీపీఎస్‌లో (జీతంలో కొంత జమచేసే పెన్షన్ పథకంలో) ఉంటే మూల వేతనం, డీఏ కలిపి 1,500 మీద 10 శాతం, నెలకు 150 చొప్పున 14,400 రూపాయలు అతని ప్రాన్ ఖాతాలోకి (పెన్షన్ ఖాతాలోకి) వెళ్లిపోయాయి. అవి రిటైరయ్యేదాకా చాలావరకు కదలవు, కానీ రికవరీలో మాత్రం ఆ 14,400 కూడా నగదుగానే అడుగుతారు. ఆదాయపన్ను సంగతీ అంతే. ఆ ఎనిమిదేళ్లూ అదనపు మొత్తం మీద పన్ను కోశారు. ఇప్పుడు ఏరియర్లను గ్రాస్‌గా చూపి, రికవరీని కింద విడిగా కోస్తే జీతం, పన్ను వివరాలతో ఇచ్చే ఫారం 16లో ఏరియర్లన్నీ ఆదాయంగా నిలబడతాయి. చేతికి రూపాయి రాని సొమ్ముకు మళ్లీ పన్ను కట్టాలి. రికవరీని జీతంలోంచి తగ్గించి చూపమని బిల్లు పాస్ కాకముందే డీడీవోకు (జీతాల బిల్లు చేసే అధికారికి) లిఖితపూర్వకంగా ఇవ్వాలి. ఆ తర్వాత సరిచేయించడం చాలా కష్టం.

చట్టం ఏమంటోంది? ప్రజాధనం పొరపాటున వెళ్తే వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2012లో చండీప్రసాద్ ఉనియాల్ కేసులో చెప్పింది. 2014 డిసెంబర్ 18న రఫీక్ మసీ కేసులో మాత్రం రికవరీ చెల్లని ఐదు సందర్భాలను గుర్తించింది. కింది స్థాయివారైన క్లాస్ 3, క్లాస్ 4 ఉద్యోగులు. రిటైరైనవారు, రికవరీ ఉత్తర్వు తేదీ నుంచి ఏడాదిలోపు రిటైర్ కాబోయేవారు. ఉత్తర్వుకు ముందు ఐదేళ్లకు మించి ఎక్కువ చెల్లింపు సాగిన కేసులు. పై పోస్టు పని చేయించుకుని ఆ జీతం ఇచ్చినవి. రాబట్టడం యజమాని హక్కును మించిన క్రూరత్వమని కోర్టు భావించే ఇతర కేసులు. ఉద్యోగి వైపు మోసం, తప్పుడు సమాచారం ఉండకూడదన్నది వీటన్నిటికీ పునాది. కేంద్ర సిబ్బంది శాఖ దీన్ని 2016 మార్చి 2 నాటి మెమోరాండంతో తన శాఖలన్నిటికీ పంపింది.

ఐదేళ్ల నిబంధనను కొన్ని కార్యాలయాలు తమకు అనుకూలంగా చదువుకుంటాయి. ఎనిమిదేళ్లు ఎక్కువ ఇచ్చారు కదా, పాత మూడేళ్లు వదిలేసి చివరి ఐదేళ్లది కోస్తామంటాయి. తీర్పులోని మాట అది కాదు. ఐదేళ్లకు మించి చెల్లింపు సాగిన కేసును మొత్తంగా పక్కన పెట్టమని దాని భావం. పిటిషన్లో ఈ అంశాన్ని విడిగా రాయాలి.

ఉద్యోగులను దెబ్బతీసేది అండర్‌టేకింగ్, అంటే ముందే రాసిచ్చే హామీ. పే ఫిక్సేషన్ ఆప్షన్ ఫారంలోనే ‘ఎక్కువ చెల్లింపు జరిగినట్టు తేలితే తిరిగి చెల్లిస్తాను’ అన్న వాక్యం ఉంటుంది. దాన్ని చదవకుండా సంతకం పెడతారు, పెట్టకపోతే ఫిక్సేషన్ జరగదు. 2016 జులైలో జగ్‌దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంతకం ఆధారంగానే రిటైరైన న్యాయాధికారి నుంచి రికవరీని సమర్థించింది. అయినా ఒక్కసారిగా కాదు, రెండేళ్లలో వాయిదాలుగా వసూలు చేయమంది. అండర్‌టేకింగ్ ఉన్నచోట కూడా వాయిదాలే ఇచ్చారన్నది గుర్తుంచుకోవాలి. ఏరియర్లు మొత్తం ఒక్క బిల్లులో మింగేయడానికి ఆ తీర్పు కూడా ఆసరా కాదు.

ఏరియర్లలో కోత రికవరీ కిందికి రాదని, అది రెండు ఖాతాల మధ్య సర్దుబాటని శాఖలు వాదిస్తాయి. ఈ వాదన నిలబడదు. బకాయి పడిన జీతం, పెన్షన్ ప్రభుత్వం దయ కాదు, ఉద్యోగి ఆస్తి. 2013లో జార్ఖండ్ కేసులో పెన్షన్, గ్రాట్యుటీలను రాజ్యాంగంలోని 300ఏ అధికరణ కింద ఆస్తిగా సుప్రీంకోర్టు గుర్తించింది. కరోనా కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాయిదా వేసిన జీతాలు, పెన్షన్లను 6 శాతం వడ్డీతో చెల్లించాలని 2021 ఫిబ్రవరిలో అదే కోర్టు ఆదేశించింది. అలాంటి ఆస్తిని తీసుకోవడానికి ఉత్తర్వు, లెక్క, వివరణకు అవకాశం మూడూ తప్పనిసరి. సొమ్ము ఏ గల్లాలోంచి తీశారన్నదాన్ని బట్టి ఆ అవసరం మారదు. పైగా ప్రభుత్వం బాకీ పడినప్పుడు ఏళ్లు ఆగుతుంది. పెన్షన్‌లో కొంత ముందే ఏకమొత్తంగా తీసుకున్నందుకు పడే కమ్యుటేషన్ కోత పదిహేనేళ్లు నిండినా ఆగకపోతే పెన్షనరే ట్రెజరీ చుట్టూ తిరగాలి. ఉద్యోగి బాకీ ఉన్నాడనుకుంటే మాత్రం మొదటి బిల్లులోనే వసూలు.

తప్పు ఫిక్సేషన్‌ను శాఖ ఇకముందుకు సరిచేయవచ్చు, దాన్ని అడ్డుకోవాలని చూడటం వృథా. పోరాడవలసింది పాత మొత్తం మీద. మొదట డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్ అడగాలి, నెలవారీగా రావలసింది, తీసుకున్నది, తేడా ఉండాలి. దానితోపాటు ఆడిట్ అభ్యంతరం నకలు, ఫిక్సేషన్ ఉత్తర్వు, ఎస్‌ఆర్‌లో సంబంధిత పేజీలు. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు, గడువు 30 రోజులు. లెక్కను అక్షరం అక్షరం చూడాలి: తర్వాతి పీఆర్సీలో ఆ ఇంక్రిమెంట్ ఏ దశకు చేరిందో తప్పుగా వేయడం, మధ్యలోని సస్పెన్షన్, సెలవు నెలలను వదిలేయడం మామూలే. శాఖకిచ్చే రిప్రజెంటేషన్‌లో (వినతిపత్రంలో) వివాదం లేని ఏరియర్లను వెంటనే విడుదల చేయమని, వివాదం ఉన్నంత మొత్తాన్నే ఆపమని కోరాలి. ‘సర్దుబాటుకు అంగీకరిస్తున్నాను’ అన్న కాగితం మీద సంతకం పెట్టకూడదు. బిల్లు త్వరగా పాసవుతుందని ఆశపెట్టి తీసుకునే సంతకం అది, తర్వాత కోర్టులో అండర్‌టేకింగ్‌గా ఎదురు నిలుస్తుంది.

తెలంగాణలో వృద్ధులు, వితంతువుల వంటివారికిచ్చే ఆసరా పెన్షన్ల వంటి సంక్షేమ చెల్లింపుల్లో ఈ రక్షణ కూడా స్పష్టంగా లేదు. 2024లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక వృద్ధురాలిని లక్షన్నరకు పైగా తిరిగి కట్టమన్న నోటీసు తెలంగాణలో పెద్ద చర్చే రేపింది. ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోందన్న సంగతి ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంది. రెండు జాబితాలను పోల్చి చూసుకోని తప్పుకు ఆమెను బాధ్యురాలిని చేశారు.

రిప్రజెంటేషన్‌కు జవాబు రాకపోతే రాష్ట్ర ఉద్యోగులకు ఉన్న దారి హైకోర్టులో రిట్. రెండు రాష్ట్రాల్లోనూ పరిపాలనా ట్రిబ్యునళ్లు రద్దయ్యాయి. కేంద్ర ఉద్యోగులకు హైదరాబాద్‌లోని క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) ఉంది. రికవరీ రద్దు, ఆపిన మొత్తం విడుదల, ఆపిన తేదీ నుంచి వడ్డీ, ఈ మూడూ విడివిడిగా అడగాలి. మూడోది వదిలేసేవాళ్లే ఎక్కువ. కేరళలో 1999లో రిటైరైన ఒక ఉపాధ్యాయుడి మీద వేసిన ఇలాంటి రికవరీ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది 2022 మేలో. అన్నేళ్లు ఆగిన సొమ్ముకు వడ్డీ అడగకపోతే గెలిచినా సగం నష్టమే.