చూసినవాళ్లే కట్టాలి: సైడింగ్ ఖర్చుపై ఒక ప్రతిపాదన

ఇంట్లో కూర్చున్నవాడికి సైడింగ్, అంటే గోడకు బయటివైపు తొడిగే పొర, కనపడదు. అమెరికాలో ఇళ్లు కొన్న మనవాళ్లెవరికీ ఈ విషయం ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో నాకు ఆశ్చర్యంగా ఉంది. వంటింట్లో కొత్త గ్రానైట్ వేయిస్తే దాని మీద కూర తరుక్కుంటాం. బాత్‌రూమ్ బాగు చేయిస్తే అందులో స్నానం చేస్తాం. సైడింగ్ మార్పిస్తే మాత్రం ఆ భాగ్యమంతా ఎదురింటాయనది. ఆయన రోజూ పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని తన వరండాలో నిలబడి మన గోడను తీరిగ్గా చూస్తాడు. బిల్లు మనకొస్తుంది. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి నా దగ్గర ఒక పథకం ఉంది. అది చెప్పేలోపు ఖర్చు సంగతి తేల్చాలి.

ఇండియాలో ఉన్న పాఠకుల కోసం ఒక మాట. న్యూజెర్సీలో మేముండే వైపు గోడ అంటే చెక్క చట్రం. లోపలివైపు డ్రైవాల్ అనే జిప్సం పలక, మధ్యలో వేడినీ చలినీ ఆపే ఇన్సులేషన్, బయటివైపు చెక్క పలకలు, వాటి మీద నీటిని ఆపే ఒక పల్చటి పొర. ఆ పైన ఎండ, వాన, పొరుగువాళ్ల చూపు తగిలే చోట సైడింగ్. మా వీధిలో చాలా ఇళ్లకు అది వినైల్, అంటే ప్లాస్టిక్. మందం సుమారు ఒక మిల్లీమీటరు.

మా మావయ్యగారు నెల్లూరులో రోడ్లు, భవనాల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు బయటి గోడను వేలి కణుపుతో కొట్టి చూసి, "బాబూ, గోడ ఎక్కణ్ణుంచి మొదలవుతుంది?" అని అడిగారు. ఇదే గోడ అన్నాను. మర్యాదస్థులు కాబట్టి ఇంకేమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం మా ఆవిడతో, "తుఫాను రోజుల్లో మీరెక్కడ ఉంటారమ్మా?" అన్నారు.

ఆయన అనుమానం అన్యాయమేమీ కాదు. వినైల్ సైడింగ్ వాన నీటిని చాలావరకు జార్చేస్తుంది, కాదనను. కానీ నీటిని పూర్తిగా ఆపే బాధ్యత దానిది కాదని, వెనకున్న పొరదేనని ఆ పరిశ్రమవాళ్లే తమ మాన్యువల్లో రాసుకున్నారు. మేకులు కూడా బిగించి కొట్టకూడదట. ఎండకు సాగి, చలికి ముడుచుకునే సరుకు కాబట్టి కాస్త వదులుగా వేలాడదీయాలి. నీటి బాధ్యత తీసుకోదు, బిగుతుగా ఉండదు, ఇంటివాడికి కనపడదు. మరి దాని అసలు ఉద్యోగం ఏమిటి? కనపడడం. ఎవరికి అన్న ప్రశ్నకు ఎదురింటి వరండాలో జవాబు నిలబడి ఉంది.

ఇక లెక్కలు. 'రీమోడలింగ్' పత్రిక వేసిన 'కాస్ట్ వర్సెస్ వాల్యూ' నివేదిక ప్రకారం 2024లో 1,250 చదరపు అడుగుల వినైల్ సైడింగ్ మార్చడానికి దేశ సగటు సుమారు 17,400 డాలర్లు. ఇల్లు అమ్మినప్పుడు అందులో 80 శాతం తిరిగొస్తుంది. ఫైబర్ సిమెంట్, అంటే నార కలిపిన సిమెంటు పలకలు అయితే సుమారు 20,600 డాలర్లు, తిరిగొచ్చేది 88 శాతం. మా రెండంతస్తుల ఇంటి గోడలు 2,500 చదరపు అడుగులు. ఈ పనిలో ఉన్నవాళ్లు వంద చదరపు అడుగులను ఒక స్క్వేర్ అంటారు కాబట్టి మాది 25 స్క్వేర్ల ఇల్లు. మావయ్యగారు కాగితం తీసుకుని, నెల్లూరు అంకణానికి 72 చదరపు అడుగుల చొప్పున, "దగ్గర దగ్గర 35 అంకణాలు" అని తేల్చారు. గోడకు ప్లాస్టిక్ తొడగడానికి అంకణాల లెక్క వేయాల్సి వచ్చినందుకు ఆయనకు కాసేపు మాట రాలేదు. తిరుపతి అంకణం ఇందులో సగమే కాబట్టి ఆ లెక్కన 70 దాకా వచ్చేదని చెప్పి ఆయన బీపీ పెంచడం నాకు ఇష్టం లేకపోయింది.

వినైల్ సగటునే పట్టుకుని రెట్టింపు చేసినా 34,800 డాలర్లు. అందులో 80 శాతం నాకు ముక్కూ మొహం తెలియని ఒక మనిషి ఇస్తాడు, అదీ నేను ఇల్లు అమ్మి వెళ్లిపోతే. మిగతా 7,000 డాలర్లు ఎవరిస్తారో నివేదికలో లేదు. 1949లో న్యూయార్క్ రాష్ట్రంలో, లాంగ్ ఐలండ్‌లోని లెవిట్‌టౌన్‌లో కొత్త ఇల్లు మొత్తం 7,990 డాలర్లకు అమ్మారు, సైడింగ్‌తో సహా. ద్రవ్యోల్బణం గురించి గుర్తు చేయాలనుకునేవాళ్లకు ఈ వ్యాసంలో చోటు లేదు.

అదే నివేదికలో ఇంకో ఆణిముత్యం ఉంది. గ్యారేజ్ తలుపు మార్చడానికి సుమారు 4,500 డాలర్లు పెడితే 194 శాతం తిరిగొస్తుందట. ఆర్థికశాస్త్రం మీద గౌరవం ఉన్నవాడెవడైనా ఇంటి నాలుగు వైపులా గ్యారేజ్ తలుపులే బిగించుకోవాలి. ఈ వాదన మా ఆవిడకు వినిపించాను. ఆవిడకు ఆర్థికశాస్త్రం మీద గౌరవం లేదు.

ఇదంతా కొత్త ఇంటి లెక్క. పాత ఇంటి ధర గోడ విప్పాకే తెలుస్తుంది. ఈ చుట్టుపక్కల 1950ల నాటి ఇళ్లు కొన్నింటికి పైన వినైల్, దాని కింద అల్యూమినియం, దాని కింద యాస్బెస్టాస్ సిమెంటు పలకలు, అట్టడుగున మొదటి చెక్క ఉంటాయి. నాగార్జునకొండ తవ్వినవాళ్లను పిలిపించాల్సిన పని. ప్రతి తరం యజమానీ కిందున్నది పీకే ఖర్చుకు జడిసి దాని మీదే కొత్తది కొట్టించాడు. యాస్బెస్టాస్ పలకను కదపనంత కాలం అది సాధువు. కోసినా, విరిచినా, రంధ్రం పెట్టినా ఊపిరితిత్తులకు చేటు చేసే దాని పోగులు గాల్లోకి లేస్తాయి. అప్పుడు దాన్ని తీయడానికి వేరే మనుషులు, వేరే దుస్తులు, పారేయడానికి వేరే చోటు, వేరే బిల్లు. "దీని మీద ఇంకో పొర కొట్టేస్తే పోలా?" అని కాంట్రాక్టర్ గొంతు తగ్గించి అడుగుతాడు. మన ముందున్న యజమానులందరినీ అడిగింది కూడా ఇదే.

1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం రంగు ఉండొచ్చు. ఆ ఏడాదే ఇళ్లకు సీసం రంగు నిషేధించారు. అలాంటి రంగును గీకి, కదిలించి డబ్బు తీసుకునే కాంట్రాక్టర్లకు సర్టిఫికెట్ ఉండాలన్న ఫెడరల్ నిబంధన 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పనివాళ్లు గోడ కింద నేలంతా ప్లాస్టిక్ షీట్లు పరిచి, ఒక్క రంగు పెచ్చు మట్టిలో పడకుండా ఏరుకోవాలి. పిల్లల మెదడుకు సీసం చేసే హాని చూస్తే ఈ నిబంధన మీద నాకే వ్యంగ్యమూ లేదు. ఆ షీట్ల బిల్లు మీద ఉంది.

అసలు గండం కుళ్లిన చెక్క. కాంట్రాక్టులో చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, వెనక పలకలు పాడైతే ఒక్కో షీటుకు ఇంత అని ఒక వాక్యం ఉంటుంది. సంతకం చేసేటప్పుడు దాన్ని ఎవరూ చదవరు, చదివినా తమ ఇంటికి వర్తిస్తుందని అనుకోరు. మూడో రోజు పొద్దున పనివాళ్ల మేస్త్రీ నిచ్చెన దిగి మనవైపు నడిచొచ్చే తీరులోనే సంగతి తెలిసిపోతుంది. టోపీ తీశాడంటే నాలుగు షీట్లు. టోపీ తీసి, తల గోక్కుని, "మీరొకసారి వచ్చి చూడండి సార్" అన్నాడంటే కిటికీ కింద గోడ మొత్తం. ఆ చూడమనడం కేవలం మర్యాద. వెళ్లి చూసి ఏమంటాం? "ఆ కుళ్లు అలాగే ఉంచండి, మాకు అలవాటైపోయింది" అంటామా? బుద్ధిగా తల ఊపుతాం. ఇంటివాడు తన గోడను దగ్గర నుంచి చూసే ఘట్టం ఇదొక్కటే. దానికి మాత్రం రుసుము ఉంది.

సైడింగ్ అమ్మేవాళ్లు ఇంటికి వచ్చేది సాయంత్రం పూట. భార్యాభర్తలిద్దరూ ఉండాలని ముందే ఫోనులో షరతు పెడతారు, "మా ఆవిణ్ణి అడిగి చెబుతా" అనే పురాతన కవచం మన ఒంటి మీద లేకుండా చేయడానికి. మా ఇంటికి వచ్చినాయన గంటన్నర సేపు శాంపిల్ ముక్కలు చూపించి ఒక ధర చెప్పాడు. మేము మౌనంగా ఉంటే వాళ్ల మేనేజరుకు ఫోన్ చేసి కొంత తగ్గించాడు. మళ్లీ మౌనం, మళ్లీ ఫోను, మళ్లీ కొంత. ఈ ధర ఈ రాత్రికే అన్నాడు. నెల్లూరు చిన్నబజారులో బేరమాడి పెరిగిన మా ఆవిడ టీ పెట్టడానికి లేచింది. ఆవిడ వంటింటి గుమ్మం దాటేలోపు ఇంకో ఫోను వెళ్లింది. ఇలా ఇంటికొచ్చి అమ్మినదాన్ని మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కును ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ నిబంధన ఇస్తుంది. ఆ హక్కు తెలిపే ఫారం ఆయన సూట్‌కేసులో అన్నిటికన్నా అడుగున ఉంది. లైఫ్‌టైమ్ వారంటీ అన్నాడు. ఎవరి లైఫ్ అని మావయ్యగారు తెలుగులో అడిగారు. నేను అనువదించలేదు.

ఇటుక ఇల్లు కొనుక్కోవచ్చు కదా అని డాలస్‌లో ఉన్న మా తోడల్లుడు ప్రతి సంక్రాంతి ఫోనులోనూ అంటాడు. ఆయనకు సైడింగ్ బాధ లేదు నిజమే. అక్కడి నల్లరేగడి ఎండకు బిగుసుకుపోయి పునాది పగలకుండా ఆయన వేసవంతా ఇంటి చుట్టూ పైపు పరిచి పునాదికి నీళ్లు పెడతాడు. నేనింకా గోడలకు నీళ్లు పెట్టే స్థితికి రాలేదు.

ఇప్పుడు పథకానికి వద్దాం. చూపుకు బలం ఉంటుందని మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. నరుడి కంటికి నాపరాళ్లు పగులుతాయన్నారు. నాపరాయికే ఆ గతి పడితే మిల్లీమీటరు వినైల్ ఎంత? ఇది మూఢనమ్మకం అనేవాళ్లు పక్కింటి కిటికీలు చూడాలి. కరెంటు ఆదా కోసం కొత్తగా బిగిస్తున్న లో-ఈ గాజు, అంటే వేడిని తిప్పికొట్టే పల్చటి పూత వేసిన గాజు కిటికీల మీద ఎండ పడి, అది తిరిగి మన గోడ మీద ఒకేచోట పడితే వినైల్ మెత్తబడి వంకర్లు తిరుగుతుంది. ఇది నిజంగా జరిగే సంగతే. మన పెద్దవాళ్లు కట్టే ఇంటికి దిష్టి బొమ్మ కడితే అందరూ నవ్వారు.

కాబట్టి సైడింగ్ ఖర్చులో చూపు రుసుము వసూలు చేయాలని నా ప్రతిపాదన. ఎదురింటివాళ్లు 40 శాతం. అటూ ఇటూ ఉన్నవాళ్లు చెరో 15 శాతం, వాళ్లు చెత్తబుట్టలు బయట పెట్టేటప్పుడు మాత్రమే చూస్తారు కాబట్టి. వెనకింటివాళ్లు 10 శాతం, చెట్లకు ఆకులు రాలే నెలల్లో మాత్రమే. మిగతా 20 శాతం కుక్కలను నడిపించుకుపోయేవాళ్ల మీద, తలకు కాదు, కుక్కకు ఇంత అని. సత్యనారాయణ వ్రతానికి వచ్చి చెప్పులు విడుస్తూ "ఇల్లు కొత్తగా ఉందండీ" అనే తెలుగువాళ్లు చూసినట్టు తామే ఒప్పుకున్నారు కాబట్టి ప్రసాదం దగ్గరే కట్టేయొచ్చు. పోస్టుమనిషికి మినహాయింపు. మావయ్యగారికి కూడా. ఆయన దాన్ని గోడగా ఇంకా గుర్తించలేదు.

ఇలాంటి రుసుము లోకంలో లేదనకండి. న్యూజెర్సీలో ఇంటి పన్ను సగటున ఏడాదికి 10,000 డాలర్లు దాటింది. ఇంటిని చూసి, విలువ కట్టి, డబ్బు పుచ్చుకునే పద్ధతి ఇక్కడ ఎప్పటి నుంచో ఉంది. చూసినవాడు తీసుకోవడం మాని ఇవ్వడం మొదలుపెట్టాలనే నేను కోరుతున్నాను.

పథకాన్ని ముందుగా ఎదురింటాయనకు వివరించాను. పెద్దమనిషి, కాఫీ కప్పు పక్కన పెట్టి మొత్తం విన్నారు. సూత్రం సబబుగానే ఉందన్నారు. లోపలికి వెళ్లి కాసేపటికి ఒక కాగితంతో వచ్చారు. తన మేపుల్ చెట్టు ఎర్రబడే అక్టోబరులు, గేటు పక్క తులిప్ పూలు, డిసెంబరులో ఇంటికి కట్టే దీపాలు, వీటన్నిటినీ మేమీ ఇంట్లో దిగిన నాటి నుంచి ఉచితంగా చూస్తున్నామని అందులో ఉంది. మా సోఫా వాళ్ల చెట్టువైపు తిప్పి వేసి ఉందన్న సంగతి కూడా సాక్ష్యంగా చేర్చారు. దానికింద విడిగా ఇంకో పద్దు: పచ్చటి పాచి పట్టిన మా పాత సైడింగ్‌ను ఇన్నేళ్లు చూడాల్సి వచ్చినందుకు పరిహారం. అన్నీ కలిపి తీసివేతలు పోగా నేనే బాకీ తేలాను.

అందుచేత ప్రతిపాదనకు రెండు సవరణలు. ఒకటి, చూపు రుసుము కొత్త సైడింగ్‌కే వర్తిస్తుంది. చెట్లకు, పూలకు, దీపాలకు, పాచికి వర్తించదు. రెండు, ఈ మొదటి సవరణ మేము ఇల్లు రిజిస్టర్ చేయించుకున్న రోజు నుంచే అమల్లో ఉన్నట్టు భావించాలి.