ఎనిమిదీ పదిహేనుకి డాన్సు

ఇంగ్లండులో ఎయిటీస్ నైట్ అనే వ్రతం ఒకటుంది, 1980ల నాటి వేషాలతో, ఆనాటి పాటలతో. ఊరూరా చేస్తారు. ఆఫీసు పార్టీ అయినా, ఎవరిదో యాభయ్యో పుట్టినరోజైనా, చర్చి పైకప్పు బాగుచెయ్యడానికి చందాలైనా ఇదే వ్రతం. విధానం సులువు. తలమీద పసుపచ్చ విగ్గు, పిక్కలదాకా గులాబీరంగు ఉన్ని తొడుగులు, చేతిలో గాలి ఊదిన ప్లాస్టిక్ గిటారు. కథ వినక్కర్లేదు, ఉపవాసం అసలే అక్కర్లేదు. జనం రెండో గ్లాసు ముగించి మూడో గ్లాసులోకి దిగే శుభముహూర్తంలో డీజేగారు మైకు నోట్లో పెట్టుకుని, ఇప్పుడొక హ్యాపీ పాట అని అరిచి, 'ఎనోలా గే' వేస్తారు.

విగ్గులతో నాకు పేచీ లేదు. ఎవరి తల వారిష్టం. నా ఏడుపంతా ఆ హ్యాపీతోనే.

పాట ఓఎండీ అనే ఇంగ్లీషు బ్యాండు వాళ్ళది. పూర్తి పేరు ఆర్కెస్ట్రల్ మనూవర్స్ ఇన్ ద డార్క్. అంత పేరు పలికేలోగా పాట అయిపోతుంది కాబట్టి అందరూ ఓఎండీ అంటారు. 1980 సెప్టెంబరులో విడుదలై బ్రిటన్ జాబితాలో 8వ స్థానం దాకా వెళ్ళింది. ఎనోలా గే అనేది ప్రియురాలి పేరు కాదు. 1945 ఆగస్టు 6న ఉదయం ఎనిమిదీ పదిహేనుకి హిరోషిమా మీద అణుబాంబు వేసిన బి-29 విమానం పేరు. దాన్ని నడిపిన కల్నల్ పాల్ టిబెట్స్ ముచ్చటపడి కన్నతల్లి పేరు పెట్టుకున్నాడు. బాంబు ముద్దుపేరు లిటిల్ బాయ్. అంటే అమ్మ కడుపులోంచి చిన్నోడు జారిపడ్డాడన్నమాట, ఊరి నెత్తిన. పాటలో ఆ అమ్మ ఉంది, ఆ చిన్నోడున్నాడు, ఎనిమిదీ పదిహేను దగ్గర ఆగిపోయిన కాలం ఉంది. దాపరికమేమీ లేదు. అర్థం కాని పాటలకి తల ఊపడం మనకీ అలవాటే గానీ, అది మన భాష కాదన్న సాకు మనకుంటుంది. వీళ్ళు ఇంగ్లీషులోనే పుట్టి, ఇంగ్లీషులోనే తాగి, ఇంగ్లీషు పాటకే గెంతుతున్నారు.

మచ్చుకి ఒక హాలు ఊహించుకోండి. ఉత్తర ఇంగ్లండులో ఒక మోస్తరు హోటలు, తివాచీ పరిచిన బాంక్వెట్ హాలు. అకౌంట్స్ సెక్షన్ పెద్దాయన ఒకాయన ఆనాటి సినిమా పైలట్ వేషం కట్టాడు. నల్లకళ్ళద్దాలు, భుజాల మీద బిళ్ళలు, పొట్ట దగ్గర జిప్పు పడని జాకెట్టు. పాట మొదలైంది. ఆ కీబోర్డు వరస చెవిన పడగానే ఆయనకి పూనకం వచ్చింది. రెండు చేతులూ బార్లా చాపాడు. ఝుమ్మని నోటితో చప్పుడు చేస్తూ ఫ్లోరంతా చక్కర్లు కొట్టాడు. వెనకాల హెచ్చార్ మేడమ్ రెండో విమానం. ఆవిడ వెనక కొత్తగా చేరిన ట్రైనీ, ఉద్యోగం పర్మనెంటు కావాలి కాబట్టి మూడో విమానం. దండు దండంతా బఫే బల్ల మీదుగా ఒరిగింది. పెద్దాయన ప్లేటులోంచి ఒక సాసేజ్ రోల్ అందుకుని, గురిచూసి, పంచ్ గిన్నెలోకి వదిలాడు. ఠపీమని చిందింది. హాలంతా చప్పట్లు, ఈలలు. డీజేగారు మైకులో, డైరెక్ట్ హిట్! ఉత్తమ వేషధారణ బహుమతి ఆయనకే ఇచ్చారు: సుగంధ కొవ్వొత్తి ఒకటి, వోచరు ఒకటి. కిందకి దిగి విగ్గు సర్దుకుంటున్న పెద్దాయన్ని, మీరిప్పుడు ఏ పాటకి విమానమయ్యారో తెలుసా అనడగండి. మా రోజుల్లో పాటలంటే పాటలండీ, ఇప్పటివాటిలో అర్థమే ఉండదు, అంటాడు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. వాడు నయం. నిప్పు ఎక్కణ్ణించి వస్తోందో వాడికి తెలుసు.

ఈ పాట కట్టినవాళ్ళ సంగతి కూడా ఆ హాలులో ఎవరికీ పట్టదు. లివర్‌పూల్‌కి నది అవతల విరల్ అని ఒక ద్వీపకల్పం. అక్కడ ఆండీ మెక్లస్కీ, పాల్ హంఫ్రీస్ చిన్నబడి నాటి స్నేహితులు. 1975లో జర్మనీ నుంచి క్రాఫ్ట్‌వెర్క్ అనే ఎలక్ట్రానిక్ సంగీత బృందం వచ్చి లివర్‌పూల్ ఎంపైర్ థియేటర్లో వాయిస్తే, పదహారేళ్ళ మెక్లస్కీ క్యూ 36 నంబరు సీట్లో కూర్చుని విన్నాడు. మొదటి ముద్దు తేదీ మరిచిపోయేవాళ్ళున్నారు గానీ ఈయన ఆ సీటు నంబరు ఇప్పటికీ మరవలేదు. హంఫ్రీస్‌కి వైర్ల పని తెలుసు. పాత రేడియోలు విప్పి, ఆ విడిభాగాలతో చిత్రమైన చప్పుళ్ళు చేసే పెట్టెలు కట్టేవాడు. సాధన వాళ్ళమ్మగారింట్లో వెనక గదిలో. మొదటి అసలు సిసలు సింథసైజర్, అంటే కరెంటుతో రకరకాల శబ్దాలు పుట్టించే కీబోర్డు, మెక్లస్కీ తల్లి మెయిల్ ఆర్డర్ కేటలాగులోంచి, వారం వారం వాయిదాల మీద. డ్రమ్ములవాడు లేడు కాబట్టి ఒక టేప్ రికార్డర్ని స్టేజి మీద నిలబెట్టి, దానికి విన్‌స్టన్ అని నామకరణం చేశారు. వేళకొస్తుంది, తాగదు, వాటా అడగదు. వీధిలోని ఎర్ర టెలిఫోన్ బూత్ నంబరే బ్యాండు ఆఫీసు నంబరు. దాని మీద కూడా పాట కట్టి మొదటి ఆల్బంలో పెట్టారు.

1978 అక్టోబరులో లివర్‌పూల్‌లోని ఎరిక్స్ క్లబ్బులో ఒక్క ప్రదర్శన ఇచ్చి మానేద్దామనుకున్నారు. రికార్డు కంపెనీ అడ్వాన్సిస్తే ఆ డబ్బుతో కార్లు కొనలేదు, సొంత స్టూడియో కట్టుకున్నారు. రేపు కంపెనీ గెంటేస్తే గదైనా మిగులుతుందని. కిరాణా కొట్టువాడికుండే ముందుచూపు అది. రాక్ స్టార్ల చరిత్రలో ఇంత పరువైన పని ఇంకోటి నాకు కనబడలేదు.

ఇక ఆ 1980. విగ్గులవారు ఆ ఏడాదిని మెరుపుల చొక్కాగా గుర్తుపెట్టుకున్నారు. ఆ మే నెలలోనే బ్రిటిష్ ప్రభుత్వం 'ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్' అనే చిన్న పుస్తకం జనానికి అమ్మింది. ధర 50 పెన్నీలు. అణుబాంబు పడితే ఏం చెయ్యాలో అందులో బొమ్మలతో సహా ఉంది. ఇంటి తలుపులు ఊడదీసి, లోపలి గోడకి ఏటవాలుగా ఆనించి, పైన మట్టి నింపిన సంచులు పేర్చి, ఆ కిందికి దూరమన్నారు. కిటికీ అద్దాలకి తెల్లరంగు పుయ్యమన్నారు, వేడి వెనక్కి పోతుందట. 14 రోజులకి సరిపడా తిండీ నీళ్ళూ దగ్గర పెట్టుకోమన్నారు. పదిహేనో రోజు సంగతి పుస్తకంలో లేదు, బహుశా ఆనాటికి చదివేవాడు ఉండడని. జూన్‌లో అమెరికా అణు క్రూయిజ్ క్షిపణులు ఇంగ్లండులోనే గ్రీన్‌హమ్ కామన్‌లో, మోల్స్‌వర్త్‌లో పెడతామని ప్రకటించారు. సెప్టెంబరులో ఈ పాటొచ్చింది. పగలు తలుపు ఊడదీసి ఎక్కడ ఆనించాలో లెక్కలేసుకుని, రాత్రి రేడియోలో ఎనోలా గే విన్న ఊరు అది. హ్యాపీ అట!

పెద్దమనుషులు అప్పుడే మేలుకోకపోలేదు. బీబీసీ పిల్లల కార్యక్రమంలో ఈ పాట వెయ్యడానికి ఒప్పుకోలేదు. బాంబు గురించని కాదు మహానుభావా, పేరులో గే ఉందని. లక్ష మంది కాలిపోయిన సంగతి పిల్లలు వింటే ఫరవాలేదు, ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం చెవిన పడకూడదు.

తప్పంతా వినేవాళ్ళదే అనను. పాట కట్టినవాళ్ళ పాపమూ కొంతుంది. అంత చావుని అంత తియ్యటి ట్యూనులో చుట్టి ఎవరివ్వమన్నారు? మెక్లస్కీకి యుద్ధ విమానాల పిచ్చి. లైబ్రరీలో కూర్చుని ఆ బాంబర్ల చరిత్ర చదివాడు. చదివిందంతా తీసుకొచ్చి, పిల్లాడు కూడా ఒక వేలితో వాయించేయగల వరస కింద దాచాడు. నాకు తెలిసి అదే అందులోని గొప్ప. విమానం కూడా అంతే, ఆ ఉదయం ఎండలో వెండిలా మెరుస్తూనే వచ్చింది. కానీ ఆ ఉచ్చు పని చెయ్యాలంటే కాలు పడినవాడికి ఒక్కసారైనా నొప్పి తెలియాలి కదా. ఈ జనం ఉచ్చు కాలికేసుకునే గెంతుతున్నారు, గజ్జెలనుకుని.

ఎయిటీస్ కావాలా మీకు? నేనిస్తాను ఒకటి. హిరోషిమాలో నాలుగో ఏడు ఇంకా నిండని పిల్లాడొకడు ఆ ఉదయం ఇంటిముందు మూడుచక్రాల బండి తొక్కుకుంటున్నాడు. ఆ రాత్రికి పోయాడు. వాణ్ణి ఒంటరిగా శ్మశానానికి పంపడానికి తండ్రికి మనసొప్పక, పెరట్లోనే పాతిపెట్టాడు, ఆడుకుంటాడని బండిని కూడా పక్కన పెట్టి. నలభై ఏళ్ళ తర్వాత తవ్వి, ఎముకల్ని కుటుంబ సమాధికి చేర్చి, ఆ బండిని శాంతి మ్యూజియానికిచ్చాడు. అది ఏ ఏడాదో తెలుసా? 1985. మీ గులాబీ తొడుగుల ఏడాదే. తుప్పు పట్టి, వంగి, హ్యాండిల్ కడ్డీలు బైటపడి, ఇప్పటికీ అద్దాల వెనక ఉంది. పోయి దాని ముందు చేతులు చాపి ఝుమ్మనండి చూద్దాం. ఆ ఎనిమిదీ పదిహేనుకి ఊళ్ళో వేలమంది బడిపిల్లలు ఎండలో ఇళ్ళు కూల్చే పనిలో ఉన్నారు, మంటలు పాకకుండా ఖాళీ జాగా చెయ్యమని పెద్దలే పంపితే. వాళ్ళల్లో చాలామందికి పుట్టినరోజు పార్టీ అనేది మళ్ళీ రాలేదు. ఏ వేషం కట్టినా రాదు. ఆ ఏడాది ముగిసేలోగా ఆ ఊళ్ళో పోయినవాళ్ళు దాదాపు 1,40,000 మంది. సాసేజ్ రోల్ వేశాడట, డైరెక్ట్ హిట్ అట. సిగ్గు లేకపోతే సరి.

సరే, గొంతు తగ్గిస్తాను. వ్యాసమన్నాక మర్యాద ఉండాలి.

ఈ బ్యాండుకి జనం నేర్పిన పాఠం చూడండి. 1981లో 'ఆర్కిటెక్చర్ అండ్ మొరాలిటీ' ఆల్బం లక్షల్లో అమ్ముడుపోయింది. బతికుండగానే తగలబెట్టేసిన ఫ్రెంచి వీరనారి జోన్ ఆఫ్ ఆర్క్ మీద ఒకటి కాదు, రెండు పాటలు పెట్టి రెండిటినీ టాప్ ఫైవ్‌లోకి ఎక్కించారు. నిప్పులో పోయినవాళ్ళంటే వీళ్ళకెందుకో అంత పట్టింపు. ఆ ధైర్యంతో 1983లో 'డాజిల్ షిప్స్' ఆల్బం తీశారు. మొదటి ప్రపంచయుద్ధంలో సబ్‌మెరైన్లు తికమకపడేలా నౌకలకి నలుపు తెలుపు అడ్డగీతలు పూసేవారు. లివర్‌పూల్ రేవులో అలాంటి నౌకలున్న ఎడ్వర్డ్ వాడ్స్‌వర్త్ చిత్రం పేరే అది. లోపల షార్ట్‌వేవ్ రేడియో గురగురలు, ప్రాగ్ రేడియో సంకేత సంగీతం, దేశదేశాల ఫోనుల్లో టైము చెప్పే గొంతులు, పిల్లలకి స్పెల్లింగు నేర్పే బొమ్మ మాటలు. ప్రచ్ఛన్నయుద్ధపు రెండు శిబిరాలు ఒకదాన్నొకటి ఆలకిస్తున్న ప్రపంచం ఎలా వినపడుతుందో అలాగే ఉంటుంది. జనం ఏం చేశారు? కొన్నవాళ్ళు పదింట ఒక వంతుకి పడిపోయారు. విమర్శకులు తిట్టిపోశారు. మళ్ళీ ఇరవై ఏళ్ళు గడిచాక అదే మహాకావ్యం అన్నారు, కళాఖండమన్నారు, మేం అప్పుడే చెప్పామన్నారు. ఎప్పుడు చెప్పారో వాళ్ళకే తెలియాలి.

దెబ్బ తిన్నాక వీళ్ళు బుద్ధిగా తియ్యటి పాటల్లోకి దిగారు. 1986లో ఒక హాలీవుడ్ కుర్రకారు సినిమాకి క్లైమాక్స్ మారిపోతే, రోజు తిరక్కుండానే 'ఇఫ్ యు లీవ్' కట్టిచ్చారు. అమెరికాలో 4వ స్థానం. ఏళ్ళ తరబడి ఆలోచించి కట్టింది అటకెక్కింది, రాత్రికి రాత్రి కట్టింది అమెరికాకెక్కింది. ఇంతటితో ఆగలేదు. తొంభైల చివర్లో, సింథసైజర్‌కి కాలం చెల్లిందని అందరూ తేల్చాక, మెక్లస్కీ లివర్‌పూల్‌లో ముగ్గురమ్మాయిల్ని పోగేసి బృందం కట్టాడు. ఓఎండీకి బ్రిటన్‌లో ఒక్కసారీ దక్కని నంబర్ వన్ 2001లో ఆయన కలిసి రాసిన 'హోల్ అగైన్'తో ఆ అమ్మాయిలకి నాలుగు వారాలు దక్కింది. ఆ పాట వరసకే ఫుట్‌బాల్ జనం తర్వాత అప్పటి ఇంగ్లండు కోచ్ సౌత్‌గేట్ మీద పాట కట్టి స్టేడియాల్లో పాడారు. ఆ అమ్మాయిల బృందం పేరు వింటారా? అటామిక్ కిటెన్. అణు పిల్లికూన. ఇక నేను వ్యంగ్యం రాయడం దేనికి?

అన్నట్టు, అసలు ఎనోలా గే ఇప్పుడు మనవాళ్ళకి కూతవేటు దూరంలోనే ఉంది. వర్జీనియాలో డల్లెస్ విమానాశ్రయం పక్కనే, శాంటిలీలో స్మిత్సోనియన్ వారి మ్యూజియంలో. హైదరాబాదులో విమానమెక్కి కొడుకింటికెళ్ళిన అమ్మానాన్నల్ని జెట్‌లాగ్ తీరాక తీసుకెళ్ళే చోట్లలో అదొకటి. దాని మరమ్మతు మొదలైంది కూడా 1984లో. ఎయిటీస్ ఎవర్నీ వదల్లేదు. 1995లో దాన్ని హిరోషిమాలో జరిగినదానితో కలిపి చూపిద్దామని మ్యూజియంవారు తలపెడితే, మాజీ సైనికుల సంఘాలూ కాంగ్రెసు సభ్యులూ విరుచుకుపడ్డారు. ఆ ప్రదర్శన రద్దయింది, డైరెక్టరు రాజీనామా చేశాడు, విమానం ముందు భాగాన్ని మాత్రం శుభ్రంగా తుడిచి నిలబెట్టారు. 2025లో పెంటగాన్ వారు, అంటే అమెరికా రక్షణశాఖ, తమ ఫొటోల్లోంచి తీసెయ్యాల్సినవాటి జాబితా కట్టిస్తే అందులో ఎనోలా గే బొమ్మలూ చేరాయి. ఎందుకో తెలుసుగా? అదే, 1980లో బీబీసీని భయపెట్టిన మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఊరిని కాల్చినందుకు ఎనభై ఏళ్ళలో ఎవరూ తియ్యమనలేదు.

2003లో ఆ విమానాన్ని మొత్తంగా బిగించి, పక్కన ఒక ఫలకం పెట్టారు. రెక్కల వెడల్పు ఉంది, బరువుంది, ఇంజన్లున్నాయి. చనిపోయినవాళ్ళ సంఖ్య లేదేమని హిబాకుషాలు, అంటే ఆ బాంబు నుంచి బతికి బట్టకట్టినవాళ్ళు, జపాను నుంచి వచ్చి మరీ నిలదీశారు. అన్ని విమానాలకీ ఇదే పద్ధతండీ అన్నారు మ్యూజియంవారు. ప్రవేశం ఉచితం. కారు పార్కింగుకి మాత్రం లెక్కగా వసూలు చేస్తారు.