చేతిచమురు సైకిలు భాగవతం

పాత మౌంటెన్ బైకును తక్కువ ఖర్చులో బాగు చేసుకునేవాళ్ళను లోకం ఇంకా సరిగ్గా గుర్తించలేదు. వాళ్ళేదో సైకిలు రిపేరు చేసుకుంటున్నారని అనుకుంటున్నాం గానీ, నిజానికి వాళ్ళు లెక్కల శాస్త్రాన్నే కొత్తగా రాస్తున్నారు. దేశాల ఖజానాలు చూసేవాళ్ళు వచ్చి వీళ్ళ పక్కన నాలుగు రోజులు కూర్చుంటే లోటు బడ్జెట్ అనే మాటే వినపడదు.

ఈ శాస్త్రం ప్రకారం ఖర్చంటే ఫ్రేముకు పెట్టింది ఒక్కటే. అది ఎవరి పెరట్లోనో వానకు తడుస్తూ దాదాపు ఊరికే దొరికింది కాబట్టి అడిగినా అడక్కపోయినా ఆ అంకే చెబుతారు. టైర్లు, చైను, కేబుళ్ళు ఎలాగూ మార్చాల్సినవే కదా, అవి లెక్కలోకి రావు. క్రాంకు, అంటే పెడల్ ఉండే చెయ్యి, ఊడదీసే పుల్లరూ, ఫ్రీవీల్, అంటే వెనక పళ్ళ చక్రాల గుత్తి, విప్పే టూలూ పెట్టుబడి కిందకు పోతాయి, ఏడాదికొక్కసారి బయటికి తీసినా సరే. ఇక పార్టుల కోసం రెండో పాత సైకిలు కొంటే దాని పేరు పొదుపు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడు కనీసం ఆ గుర్రమెక్కి ఊరేగి ఉంటాడు, వీళ్ళు గుర్రాన్ని కొనేదే నాడాలు పీక్కోవడానికి.

పెడల్ దగ్గర పళ్ళ చక్రాలు మూడెందుకు, ఒక్కటి చాలు, ఖర్చూ బరువూ తగ్గుతాయని ఇంకో ఐడియా. దానికి వెనక పెద్ద క్యాసెట్, అంటే కొత్తరకం పళ్ళ చక్రాల గుత్తి, కావాలి, అది పాత ఫ్రీవీల్ హబ్బుకు, అంటే చక్రం నడిమి భాగానికి, ఎక్కదు, అందుకని కొత్త చక్రం. కొత్త హబ్బు 135 మిల్లీమీటర్లు, ఫ్రేములో ఖాళీ 130. స్టీలే కదా, కాస్త లాగితే వస్తుంది అంటారు. నిజమే, వస్తుంది. ఖర్చు తగ్గించే పని మాత్రం అక్కడితో ఆగదు.

అసలు పరీక్ష సీటు దగ్గర. స్టీలు ఫ్రేములో అల్యూమినియం సీటుపోస్టు, అంటే సీటును మోసే గొట్టం, మధ్యలో గ్రీజు చుక్క లేదు, ఏళ్ళ తరబడి చెమ్మ. అల్యూమినియం తెల్లగా పొడిబారి ఉబ్బి ఫ్రేము గొట్టాన్ని పట్టేసుకుంటుంది. మొదట పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి మర్యాదగా ఎదురుచూస్తారు. తర్వాత సుత్తి. ఆ తర్వాత సైకిల్ని తలకిందులు చేసి, పోస్టును వైస్‌లో బిగించి, ఫ్రేము మొత్తాన్నే పట్టుకుని తిప్పుతారు. అదీ కాకపోతే హాక్సా బ్లేడు పోస్టులోకి దూర్చి, వేళ్ళు చెక్కుకుపోతున్నా లోపల్నుంచి నిలువునా కోస్తారు. ఇంత చేశాక కొత్త పోస్టు సైజు ఎంత? 26.8 మిల్లీమీటర్లు ఉండొచ్చు, 27.0 ఉండొచ్చు, 27.2 ఉండొచ్చు. పాతదాన్ని కొలిస్తే తెలిసేదే, కొలవడానికి అది ముక్కలు కాకుండా ఉంటే. ఒక సైజు తక్కువది వేస్తే తొక్కుతున్నకొద్దీ సీటు మెల్లగా కిందికి దిగుతుంది, పాపం మనిషి మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేవరకు ఒప్పుకోడు.

వీళ్ళందరి మీదా తనిఖీ అధికారులుంటారు. 'పీరియడ్ కరెక్ట్' వాళ్ళని పేరు. 1990 నాటి ఫ్రేముకు 1990 నాటి పార్టులే ఉండాలి. షిమనో కంపెనీ వి-బ్రేకులు, అంటే గట్టిగా పట్టే కొత్తరకం బ్రేకులు, 1996లో గానీ రాలేదు, కాబట్టి అవి బిగిస్తే మహాపాపం. దిగుడులో పాతరకం కాంటిలీవర్ బ్రేకులు ఊరంతా లేచేలా కీచుమన్నా, బండి ఆగకపోయినా, చరిత్ర మాత్రం దెబ్బతినకూడదు.

వాళ్ళు కాపాడుతున్న ఆ చరిత్ర ఎలా మొదలైందంటే, 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్ళు 1930, 40ల నాటి ష్విన్ లాంటి కంపెనీల బండ టైర్ల సైకిళ్ళను చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకేసి, మోటార్ సైకిల్ బ్రేకు లివర్లు తగిలించి టామల్పాయిస్ చుట్టుపక్కల కొండల మీద దౌడు తీయించారు. వెనక బ్రేకు హబ్బు లోపలే ఉండేది, దిగేసరికి అందులో గ్రీజు మాడిపోయేది, మళ్ళీ కొత్తగా కూరాల్సిందే, అందుకే 1976లో మొదలైన వాళ్ళ రేసుకు 'రీప్యాక్', అంటే మళ్ళీ కూరడం, అని పేరు. మరుసటి ఏడాదికి వాళ్ళలో ఒకడైన జో బ్రీజ్ ఇదే పని కోసం కొత్తగా ఫ్రేములు తయారుచేశాడు, 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ మోడల్ వచ్చి మౌంటెన్ బైకు మామూలు షాపుల్లోకి చేరింది.

ఆ రోజు కొండ మీద మన తనిఖీ అధికారులు ఉండి ఉంటే రేసు మొదలయ్యేదే కాదు. ఒరిజినల్ మడ్‌గార్డులు ఏ చెత్తకుప్పలో పడేశారో ముందు వెతికి తెమ్మనేవారు, ఆ బ్రేకు లివర్లు ఏ మోటార్ సైకిల్‌వో దానికి తిరిగి బిగించి రమ్మనేవారు.