క్లచ్ పెడల్ గారికి ఒక ఎడమకాలి మొర

కేరాఫ్ మూసాపేట మెకానిక్ షెడ్డు, మహారాజశ్రీ క్లచ్ పెడల్ గారికి, మియాపూర్ నుంచి తమ పాదసేవకుడు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన ఉత్తరాల మర్యాదే గానీ, నా ఎడమ మోకాలు కుశలంగా లేదు, నిన్న మెకానిక్ చెప్పినదాన్ని బట్టి మీ ప్లేటూ కుశలంగా లేదు. కనుక ఆ అబద్ధాన్ని ఈసారికి మానుకుందాం.

మొన్న శుక్రవారం సాయంత్రం, వాన వెలిసిన అరగంటకు, రాయదుర్గంలో ఆఫీసు నుంచి మనమిద్దరం కలిసే బయలుదేరాం. రెండు గంటల పది నిమిషాల తర్వాత కలిసే ఇల్లు చేరాం. కొత్తగూడ దగ్గర రేడియోలో అదే ప్రకటన నాలుగోసారి వినిపించేసరికి దాన్ని కట్టేసి, వేరే కాలక్షేపం లేక, మిమ్మల్ని ఎన్నిసార్లు తొక్కుతున్నానో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కొండాపూర్ దాటేసరికి 170 అయింది. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కేటప్పటికి 380, అల్విన్ చౌరస్తాలో 520, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజిన్ కట్టేసేసరికి 614. ఇవి పూర్తిగా నేలకు ఆనించి తొక్కినవి మాత్రమే. ముందు బండి జానెడు కదిలితే మనమూ జానెడు కదలడానికి, సగం తొక్కి సగం వదిలి, ఊపిరి బిగబట్టి నిలబెట్టిన హాఫ్ క్లచ్‌లను దయతలచి లెక్కలో వేయలేదు.

హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎత్తు మీద ఏం జరిగిందో మీకు గుర్తుచేయాలి. ముందున్న బస్సు కదులుతూ ఆగుతూ ఉండగా నా ఎడమ పిక్క సన్నగా వణకడం మొదలుపెట్టింది. చెప్పు విడిచి ఉత్త కాలితో తొక్కి చూశాను, మడమ ఆనించి వేళ్ళతో తొక్కి చూశాను, చివరికి మోకాలి మీద చెయ్యి పెట్టి కూడా తొక్కి చూశాను. మీరు ఎక్కడ పట్టుకుంటారో ఆ పాయింటు నా పాదానికి ఒక్క క్షణం అందలేదు. ఇంజిన్ ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది, బండి అడుగు దూరం వెనక్కి జారింది. వెనుక ఆటో అబ్బాయి తల బయటపెట్టి, కోపంగా కూడా కాదు, జాలిగా, "అన్నా, రాకపోతే జర సైడుకు పెట్టుకో" అన్నాడు. ఇరవయ్యారేళ్ళుగా బండి నడుపుతున్నవాణ్ణి, మహాశయా. ఆ జాలి నాకు ఇంకా అరగలేదు.

మెట్రోలో వెళ్ళవచ్చు కదా అంటారేమో. మియాపూర్‌కు మెట్రో ఉంది, రాయదుర్గానికీ మెట్రో ఉంది. కాకపోతే ఒకటి ఎర్ర లైను చివర, ఇంకొకటి నీలి లైను చివర ఉండటం వల్ల, పక్క వీధికి వెళ్ళాల్సినవాడు ఊరు చుట్టి వచ్చినట్టుగా అమీర్‌పేట దాకా వెళ్ళి, అక్కడ మెట్లెక్కి దిగి, రైలు మారి మళ్ళీ పడమటికే రావాలి. మీరు షెడ్డులో విశ్రాంతి తీసుకుంటున్న కారణంగా ఇవాళ ఆ యాత్ర కూడా పూర్తిచేసి వచ్చే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అసలు మిమ్మల్ని తొక్కే పనే లేని ఆటోమేటిక్ బండి కొనాలన్న ఆలోచన నాది కాదు, మా బావమరిది పెట్టిన చిచ్చు. కిందటి నెల మమ్మల్ని తన బండిలో శంషాబాద్ విమానాశ్రయానికి తీసుకెళుతూ, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే ఎడమ కాలు మడిచి సీటు మీద పెట్టుకుని, అరుగు మీద కూర్చున్న కరణం గారిలా హాయిగా నడుపుతూ, "బావగారూ, మీరింకా తొక్కుతూనే ఉన్నారా?" అని అడిగాడు. రిక్షా తొక్కేవాణ్ణి పరామర్శించినట్టుగా ఉంది ఆ అడగడం. వెనుక సీట్లో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి నవ్వుకోవడం నేను అద్దంలో చూశాను.

అందుకని శుక్రవారం అవమానం ఆరకముందే శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు షోరూముకు వెళ్ళాను. ఆటోమేటిక్ బండి టెస్ట్ డ్రైవ్‌కు సిద్ధంగా ఉంటుందని అంతకుముందు రోజు ఫోన్లో రెండుసార్లు హామీ ఇచ్చారు. ఆ బండి ఎవరో కస్టమర్ ఇంటికి వెళ్ళిందనీ, పది నిమిషాల్లో వస్తుందనీ చెప్పి కూర్చోబెట్టారు. ఆ పది నిమిషాలు మూడు గంటలు సాగాయి. రెండు టీలు తాగాను, ఒకే కరపత్రాన్ని మూడుసార్లు చదివాను, తెల్లరంగులో పన్నెండు రకాలు ఉంటాయని తెలుసుకున్నాను. ఐదు దాటాక ఆ అబ్బాయి చిరునవ్వుతో తాళం తెచ్చి, "సార్, ప్రస్తుతానికి మాన్యువల్ నడిపి చూడండి, రెండూ ఒకటే బండి, క్లచ్ ఒక్కటే తేడా" అన్నాడు. క్లచ్ ఒక్కటే తేడా! గుండు కొట్టించుకుందామని కొండెక్కినవాడికి దువ్వెన చేతికిచ్చినట్టు, మిమ్మల్ని వదిలించుకుందామని వెళ్ళినవాణ్ణి మళ్ళీ మీ మీదే కాలు పెట్టించి ఆ వీధి చుట్టూ ఒక ప్రదక్షిణం చేయించారు.

మన 2014 మోడల్ బండికి ఎక్స్ఛేంజ్‌లో మూడు లక్షల దాకా వస్తుందని ఫోన్లో అన్న నోరే, డిక్కీ మీద సొట్ట చూసి లక్షా అరవై అయిదు వేలంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగిందని పదే పదే చెప్పిన ఆ అబ్బాయి, మ్యాట్లూ సీటు కవర్లూ కలిపి కట్టిన యాక్సెసరీల ప్యాకేజీ గురించి మాత్రం ఒక్కసారే, అదీ దగ్గుతూ చెప్పాడు. సరే, అవి చిల్లర బాధలు.

అసలు బాధ ఆ తర్వాత అతను తెల్లకాగితం మీద వేసిన లెక్క. బండి ధరకు లైఫ్ ట్యాక్సూ ఇన్సూరెన్సూ కలిపి, పాత బండి విలువా నా చేతిలోని డబ్బూ తీసేస్తే అప్పు 8,00,000 తేలింది. తొమ్మిది శాతం వడ్డీ, 84 నెలలు, నెలకు 12,871 రూపాయలు. మొత్తం కట్టేది పది లక్షల ఎనభై వేల పైమాట, అందులో వడ్డీయే రెండు లక్షల ఎనభై వేలు దాటుతుంది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరంలో అడుగుపెట్టేదాకా ప్రతి నెలా ఐదో తారీఖున ఆ డబ్బు ఖాతాలోంచి నిశ్శబ్దంగా వెళ్ళిపోతుంది. "ఋణానుబంధ రూపేణ" అంటూ పెద్దలు చెప్పిన జాబితాలో పశువు ఉంది, పత్ని ఉంది, బిడ్డలున్నారు, ఇల్లు ఉంది. కారు ఒక్కటే లేదు. ఆ లోటు పూడ్చడానికే బ్యాంకులు పుట్టినట్టున్నాయి, ఎందుకంటే బండి రిజిస్ట్రేషన్ పత్రమైన ఆర్‌సీ మీద హైపోతికేషన్ అని, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందని, అచ్చువేయించి మరీ అనుబంధాన్ని రిజిస్టరు చేయిస్తారు.

ఆ రాత్రి నిద్రపట్టక నేనూ ఒక లెక్క వేశాను. మన పాత బండికి చక్రాలు తిరుగుతున్నాయి, ఏసీ చల్లగానే ఉంది, హారను హైదరాబాదుకు సరిపడా మోగుతోంది. కొత్త బండి కొంటే నేను నిజంగా వదిలించుకునేది మిమ్మల్ని ఒక్కరినే. కనుక కిస్తు మొత్తం న్యాయంగా మీ ఖాతాలోనే రాయాలి. సాయంత్రం 614, ఉదయం రద్దీ కాస్త తక్కువ కనుక ఒక 400, వెరసి రోజుకు వెయ్యి తొక్కుళ్ళు అనుకుంటే, 22 పనిదినాలకు 22,000. కిస్తును దానితో భాగించాను. ఒక్కో తొక్కుడుకు 58 పైసలు. మిమ్మల్ని ఒకసారి తొక్కకుండా ఉండటానికి 58 పైసలు! కొత్తగూడ నుంచి కొండాపూర్ దాకా తొక్కకుండా ఉంటే దాదాపు వంద రూపాయలు. అంత రాత్రప్పుడు మా ఆవిడను లేపి ఈ సంగతి చెప్పాను. ఆమె కళ్ళు తెరవకుండానే, "ఆ యాభై ఎనిమిది పైసలూ నాకివ్వండి, నేను తొక్కుతాను" అని అటు తిరిగి పడుకుంది.

ఇంతవరకూ మీరు, తమరు అంటూ మర్యాదగానే రాశాను. ఇక నా వల్ల కాదు.

నిన్న ఆదివారం మూసాపేటలో మెకానిక్ నిన్ను విప్పి, అరిగిపోయిన ప్లేటు నా చేతిలో పెట్టి చూపిస్తూ ఉండగా, అప్పు చేసి ఏఎంటీ అనే రకం ఆటోమేటిక్ బండి తీసుకుంటున్నానని కాస్త గొప్పగానే చెప్పాను. ఆటోమేటిక్‌లలో నా బడ్జెట్టుకు అందేది అదే. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "అందులో కూడా క్లచ్ ఉంటది సార్. తొక్కేది మిషను, అంతే" అన్నాడు. నేను నమ్మలేదు. అతను ఓపికగా విడమరిచి చెప్పాడు: లోపల అదే ఫ్లైవీలు, అదే ప్లేటు, అదే ప్రెషర్ ప్లేటు, అదే గేరుబాక్సు. పైన ఒక యాక్చువేటర్‌ను బిగించి, కంప్యూటర్ చెప్పినప్పుడల్లా నిన్ను నొక్కే పని దానికి అప్పగిస్తారు. అందుకే గేరు మారేటప్పుడల్లా ఆ బండ్లలో కూర్చున్నవాళ్ళ తలలు గంగిరెద్దు తలల్లా ఒకసారి ముందుకు ఊగుతాయట.

అంటే నువ్వు పోవడం లేదు, నా కంటికి కనిపించకుండా దాక్కుంటున్నావు! ఎనిమిది లక్షలు అప్పు తెచ్చి, ఏడేళ్ళు కిస్తులు కట్టి, నేను కొనుక్కుంటున్నది విముక్తి కాదు, నిన్ను తొక్కడానికి 58 పైసల కూలికి ఒక మరమనిషిని. వాడికి పిక్క నొప్పి లేదు, సెలవు లేదు, ట్రాఫిక్‌లో విసుగు లేదు. కూలి మాత్రం ఆదివారాలకు కూడా కలిపి నేనే ఇవ్వాలి. రేపు ఆ ప్లేటూ ఇలాగే అరిగితే దాని ఖర్చూ నాదే. ఇంత మోసం మా ఊళ్ళో చీటీలు పాడినవాళ్ళు కూడా చేయలేదు. పోనీ మిగతా రకాల ఆటోమేటిక్‌లు చూద్దామంటే, టార్క్ కన్వర్టరూ సీవీటీ లాంటివి ఇంకో లక్షకు పైగా అడుగుతున్నాయి, లక్షకు 1,600 చొప్పున కిస్తు పెరుగుతుంది. డ్యూయల్ క్లచ్ అనేదాంట్లో నువ్వు ఒక్కడివి కాదట, ఇద్దరట. ఆ పేరు వినగానే షెడ్డులోంచి లేచి వచ్చేశాను. కరెంటు కారు ఊసెత్తితే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెల్లార్‌లో చార్జింగ్ పాయింటు గురించి ఏడాదిగా సాగిస్తున్న మహాభారతం మొదటి నుంచి చెప్పాలి.

ఇంకో మాట కూడా మెకానిక్ అన్నాడు, దాన్ని దాచడం ధర్మం కాదు. ప్లేటు అంచున నల్లగా కాలిన మెరుపును వేలితో చూపించి, "సార్, మీరు క్లచ్ మీద కాలు పెట్టుకునే నడుపుతారా?" అని అడిగాడు. అవసరం లేనప్పుడు కూడా నీ మీద కాలు ఆనించి నడపడం నాకు పాత అలవాటు. అతనికి మాత్రం ట్రాఫిక్ అని చెప్పాను.

ఆ అలవాటు ఎక్కడిదో నిన్న ఇంటికి వచ్చేటప్పుడు గుర్తొచ్చింది. 1999లో విజయవాడలో డ్రైవింగ్ స్కూలు వారి మారుతి 800లో 21 రోజుల పాటు నేర్చుకున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినా, బందరు రోడ్డు మీద ఆవు అడ్డొచ్చినా, బండి వెన్న మీద కత్తిలా కదిలేది. నా పాదంలో ఏదో దైవదత్తమైన విద్య ఉందని మురిసిపోయి ఇంటికి ఉత్తరం కూడా రాశాను. పద్దెనిమిదో రోజున గురువుగారు కిళ్ళీ బుగ్గన పెట్టుకుని, తన వైపు ఉన్న రెండు పెడల్స్ మీద నుంచి కాళ్ళు తీసి, పైకి మడుచుకుని, "ఇక నువ్వు నడుపు" అన్నారు. బండి మూడు గెంతులు గెంతి ఆగిపోయింది. అంతవరకూ నిన్ను తొక్కింది ఆయన. నేను ఫీజు కట్టి, నా పెడల్ మీద ఊరికే కాలు పెట్టుకుని కూర్చున్నాను. ఆ లెక్కన ఆటోమేటిక్ బండి నేను ఇరవయ్యారేళ్ళ కిందటే నడిపేశాను, అప్పు చేయకుండానే.

మిగిలిన మూడు రోజుల్లో నువ్వు నాకు లొంగావు. కాలు మెల్లగా వదులుతుంటే ఇంజిన్ గొంతు ఒక మెట్టు దిగి, బండి ముక్కు కాస్త పైకి లేచి, పాదం కింద సన్నటి గుర్రు వినిపించే ఆ పాయింటు మొదటిసారి దొరికినప్పుడు కలిగిన సంతోషం, నిజం చెప్పాలంటే, మొదటి జీతం అందినప్పుడు కూడా కలగలేదు. తిరుమల నుంచి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు నిన్ను తొక్కి రెండో గేరులో వేసి వదిలేస్తే, బండి బ్రేకు అక్కర్లేకుండా తనంతట తానే తగ్గి, మలుపు మలుపుకూ వినయంగా తల వంచేది. అప్పుడు మా నాన్నగారు ముందు సీట్లో నిద్రపోయేవారు. ఆయన ఇంకెవరు నడిపినా నిద్రపోయేవారు కాదు.

ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు, కూలి అన్నీ కలిపి మెకానిక్ 9,200 అడిగాడు. ఒక్క నెల కిస్తు కన్నా తక్కువే. సరేనన్నాను, రేపు సాయంత్రానికి నువ్వు ఇంటికి వస్తావు. ఇందాకే షోరూం అబ్బాయి మళ్ళీ ఫోన్ చేసి, ఆటోమేటిక్ బండి ఈ శనివారం ఖచ్చితంగా ఖాళీగా ఉంటుందని చెప్పాడు. వస్తానన్నాను. నీ మీదే కాలు పెట్టి అక్కడికి వెళ్ళాలి కనుక, ఆ మాట ముందుగా చెప్పడం మర్యాద అనిపించి రాశాను.

ఇట్లు,
తమరి పాదసేవకుడు