మాటల్లేని హౌస్ మ్యూజిక్ ట్రాక్‌కి ఒక డీజే మొర

ఒరేయ్ 122 బీపీఎం ట్రాకూ,

నీకు గారు పెట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించా, వద్దులే అనిపించింది. ఆరున్నర నిమిషాలు ఉంటావు, నిమిషానికి 122 దెబ్బలు (అదే బీపీఎం) కొడతావు, అందులో ఒక్క మాట మాట్లాడవు, అలిగి కూర్చున్న కొత్తల్లుడు నయం, మధ్యలో కాఫీ అయినా అడుగుతాడు.

ఇంట్లో రాత్రి రెండింటికి హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు మాత్రం ఎంత ముద్దొచ్చావో. మెత్తగా పరుచుకున్న స్వరాల కార్డ్స్, కింద నిద్రపోయేవాడి గుండెలా కిక్ డ్రమ్, ఇదిరా మ్యూజిక్ అంటే అనుకుని అప్పటికప్పుడు కొనేసి పెన్‌డ్రైవ్‌లో "పీక్ టైమ్" ఫోల్డర్‌లో పడేశా. తప్పు అక్కడే జరిగింది, ఒప్పుకుంటున్నా.

మొన్న సిటీ బయట ఒక లాన్‌లో సంగీత్. నీకు ముందు నడుస్తున్నవి 128 బీపీఎం పాటలు, జనం ఎగిరెగిరి చెప్పులు కూడా వదిలేశారు. అక్కణ్ణుంచి నీ 122కి రావాలంటే స్పీడు 4.7 శాతం దాకా తగ్గాలి, ఒకేసారి ఫేడర్ లాగితే అందరికీ తెలిసిపోద్ది, పైగా స్పీడు మారినా శ్రుతి మారకుండా చూసే మాస్టర్ టెంపో బటన్ నొక్కడం మర్చిపోతే పాడే అమ్మాయికి జలుబు చేసినట్టు గొంతు దాదాపు అరస్వరం కిందికి జారుద్ది. అందుకే నాలుగు పాటల్లో మెల్లగా 126.5, 125, 123.5 అంటూ దించుకుంటూ వచ్చా, మూడో బంతికి వడ్డించేవాడు గరిటె చిన్నది చేసినట్టు. ఒక్కళ్లు కనిపెడితే ఒట్టు.

ఇక నీ ఇంట్రో. 32 బార్లు రా నాయనా! బార్‌కి నాలుగు చొప్పున 128 కిక్కులు, నిమిషం మూడు సెకన్లు, అందులో ఒక హై-హ్యాట్, పదిహేడో బార్‌లో ఏదో గింజలు చెరిగినట్టు షేకర్, అంతే. అది డీజే కలుపుకోడానికి వదిలిన జాగా అని నాకు తెలుసు, నేను కలిపా కూడా. రెండు పాటలూ 8ఏ కీ, అంటే ఒకే శ్రుతి, జాతకాలు దివ్యంగా కలిశాయి. 33వ బార్ మొదటి కిక్కు మీద పాత పాట బేస్ నాబ్ కిందికి, నీది పైకి, ఎందుకంటే రెండు బేసులు ఒకేసారి మోగితే ఒకే వంటింట్లో ఇద్దరు అత్తగార్లు. నా జీవితంలో అంత శుభ్రమైన మిక్స్ ఇంకోటి లేదు. చూసిందెవరు? ఐస్‌క్రీమ్ స్టాల్ కుర్రాడు, వాడు కూడా ఫోన్‌లో ఉన్నాడు. ఏం పనిరా ఇది, బాగా చేస్తే ఎవరికీ తెలీదు, చెడగొడితే మూడొందల మందికి తెలుస్తుంది.

నీ వంశం గొప్పదే, కాదనను. 1977లో చికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బు, అక్కడ ఫ్రాంకీ నకిల్స్ అనే డీజే వాయిస్తుంటే నల్లజాతి, లాటినో గే కుర్రాళ్లు తెల్లారేదాకా ఆడేవాళ్లు, ఆ వేర్‌హౌస్‌లోంచే నీకు హౌస్ అన్న ఇంటిపేరు వచ్చిందంటారు, 2004లో ఆ వీధికి ఆయన పేరే పెట్టారు. సరే, ఇదంతా పెళ్లికొడుకు బాబాయికి ఎవడు చెప్తాడు?

ఆయన బూత్ దగ్గరికి వచ్చాడు. "ఏం తమ్మీ, పాట ఎప్పుడు షురూ అయితది?"

"ఇదే పాటండి అంకుల్."

"పాడేటోడు ఏడి మరి?"

"ఇందులో ఎవరూ పాడరు."

బిర్యానీలో ముక్క అయిపోయిందన్న సర్వర్‌ని చూసినట్టు చూశాడు నన్ను. తర్వాత మొహం వెలిగింది. "అట్లనా, కరోకేనా! చెప్పవేంది!" అని యాంకర్ చేతిలో మైకు లాక్కుని తన కాలేజీ రోజుల నాటి విరహ గీతం ఒకటి అందుకున్నాడు.

మైకు ఫేడర్ మీద చెయ్యి వేశా, కట్ చేద్దామనే. కానీ ఆయన ఎత్తుకున్నది సరిగ్గా ఫ్రేజ్ (సంగీతంలో వాక్యం లాంటిది) మొదట్లో, అదీ నీ కీలోనే. నీ బ్రేక్‌డౌన్ రాగానే కిక్కు లేదని కనిపెట్టి ఆగాడు, మళ్లీ కిక్కు పడ్డాక అందుకున్నాడు, నాకు అది నేర్చుకోడానికి రెండేళ్లు పట్టింది. జనం ఫోన్లు పైకెత్తారు. పెళ్లికూతురి అమ్మమ్మ కుర్చీలోంచి చేతులూపింది.

నిన్న ఇంకో పెళ్లివాళ్లు ఫోన్ చేశారు, "ఆ రోజు పెట్టిన కరోకే ఉందా" అని. ఉందన్నా. నిన్ను పీక్ టైమ్ ఫోల్డర్‌లోంచి తీసి కొత్త ఫోల్డర్‌లో పెట్టా. దాని పేరు "బాబాయ్".

ఇట్లు,
మైకు కట్ చెయ్యలేకపోయిన నీ డీజే