మెస్సీ పక్కన పేరు సరే, కాన్సాస్‌లో బెంచ్ సంగతేంటి?

మన ఫుట్‌బాల్ జట్టుకి ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉన్న సునీల్ ఛెత్రి గురించి ఎవరు రాసినా రెండో వాక్యంలోకి మెస్సీ, రొనాల్డో వచ్చేస్తారు. 2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో కువైట్‌తో ఆఖరి మ్యాచ్ అంటూ అతను మైదానంలోకి దిగినప్పుడు మనందరి ఫోన్లలో తిరిగిన బొమ్మ గుర్తుండే ఉంటుంది. సొంత దేశం తరఫున ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లు వరసగా రొనాల్డో, ఇరాన్ ఆటగాడు అలీ దాయీ, మెస్సీ, నాలుగో ఫొటో మనవాడిది, కింద 94 గోల్స్. అంకె నిజమే, అందులో కల్తీ ఏమీ లేదు. కానీ ఆ బొమ్మను షేర్ చేసిన చాలామందికి తెలియని అంకె ఇంకోటి ఉంది. అమెరికా మేజర్ లీగ్ సాకర్‌లో ఛెత్రి ఆడిన లీగ్ మ్యాచ్‌లు సున్నా. పోర్చుగల్‌లో ఆడింది రెండో డివిజన్, అదీ స్పోర్టింగ్ క్లబ్ బి టీమ్ తరఫున, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మ్యాచ్‌లే.

ఈ రెండు అంకెలూ ఒకే మనిషివి ఎలా అయ్యాయన్నదే నాకు ఆసక్తి. అభిమానులు మొదటిదే చెప్తారు, వెటకారం చేసేవాళ్లు రెండోదే చెప్తారు. రెండూ కలిపి చూస్తే ఛెత్రి కంటే మన ఫుట్‌బాల్ గురించే ఎక్కువ తెలుస్తుంది.

ముందు మన ఊరి సంగతి. ఛెత్రి 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో పుట్టాడు. తండ్రి ఆర్మీలో ఈఎంఈ విభాగం, ఫుట్‌బాల్ ఆడిన మనిషి. తల్లి సుశీల, ఆమె కవల సోదరి ఇద్దరూ నేపాల్ మహిళల జట్టుకి ఆడినవాళ్లు. ఆర్మీ పిల్లల సంగతి తెలిసిందేగా, ట్రాన్స్‌ఫర్ ఎక్కడికైతే ఇల్లు అక్కడికి, అలా గాంగ్‌టక్, డార్జిలింగ్, ఢిల్లీ అని తిరిగి 2002లో మోహన్ బగాన్‌లో చేరేసరికి సికింద్రాబాద్ పుట్టినచోటు గడిలో మాత్రమే మిగిలింది. మనవాడే అని జబ్బలు చరుచుకునేంత సంబంధం మనకి లేదు, ఒప్పేసుకుందాం.

నిజమైన సంబంధం వేరే ఉంది, అది 2008 ఆగస్టు. ఆసియాలో చిన్న జట్ల కోసం పెట్టిన ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ హైదరాబాద్‌లోనే జరిగింది. సెమీఫైనల్లో మయన్మార్‌తో స్కోరు చివరిదాకా కదల్లేదు, ఇంకో పది నిమిషాలు కూడా లేదనగా ఛెత్రి కొట్టిన ఒక్క గోల్‌తో ఇండియా ఫైనల్‌కి వెళ్లింది. ఫైనల్ కూడా ఇక్కడే జరగాలి, కానీ వానలకి మన మైదానం ఎంత పాడైందంటే మ్యాచ్‌ని ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి మార్చారు. అక్కడ ఛెత్రి హ్యాట్రిక్ కొట్టాడు, తజికిస్థాన్ మీద 4-1. ఆ గెలుపుతో 27 ఏళ్ల తర్వాత, అంటే 1984 తర్వాత మళ్లీ 2011 ఆసియా కప్‌కి టికెట్ దొరికింది. నేనప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నాను, బషీర్‌బాగ్ మీదుగా రోజూ బస్సులో వెళ్లేవాణ్ణి, ఊళ్లో ఇంత పెద్ద టోర్నమెంట్ జరుగుతోందని నాకు తెలిసింది ఫైనల్ అయిపోయాక పేపర్లో. రహీం సాబ్ నడిపిన ఊరు ఇది, ఇండియా ఫుట్‌బాల్‌కి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన కోచ్ ఊరు. అలాంటి ఊళ్లో నాలాంటివాళ్లు.

ఇక విదేశాల కథ. ఇంగ్లండ్‌లో కొవెంట్రీ సిటీ దగ్గర ట్రయల్‌కి వెళ్లొచ్చాడు, అది కుదరలేదు. 2009లో లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ తీసుకోవడానికి సిద్ధపడింది, సంతకాల దాకా వచ్చింది, వర్క్ పర్మిట్ దగ్గర ఆగిపోయింది. అప్పటి బ్రిటన్ రూల్ ప్రకారం ఆటగాడి దేశం ఫిఫా ర్యాంకింగ్‌లో మొదటి 70లో ఉండాలి. మనం వంద దాటి చాలా దూరంలో ఉన్నాం. అంటే ఇక్కడ ఆటగాడి కాలు ఎవరూ చూడలేదు, పాస్‌పోర్టు చూశారు. దేశం ర్యాంకు పెరగాలంటే ఆటగాళ్లు బయటి లీగుల్లో రాటుదేలాలి, బయటి లీగుల్లోకి వెళ్లాలంటే దేశం ర్యాంకు పెరగాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు అన్నట్టు. బ్రెజిల్‌లో పుట్టిన సగటు ఆటగాడికి ఈ బాధ లేదు, ఇండియాలో పుట్టిన మంచి ఆటగాడికి ఉంది. ఈ ఒక్క విషయంలో ఛెత్రికి అన్యాయం జరిగిందని నేను అడ్డం తిరక్కుండా ఒప్పుకుంటాను. మిగతా రెండుచోట్ల కథ అంత తేలిక కాదు.

2010 మార్చిలో మేజర్ లీగ్ సాకర్ క్లబ్ కాన్సాస్ సిటీ విజార్డ్స్ అతన్ని తీసుకుంది. అప్పటికి 25 ఏళ్లు, ఫార్వర్డ్‌కి మంచి వయసే. లీగ్‌తో సంబంధం లేని ఓపెన్ కప్ టోర్నమెంట్‌లో అవకాశం వచ్చింది, జులైలో మాంచెస్టర్ యునైటెడ్ ఫ్రెండ్లీకి వచ్చినప్పుడు సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు, ఆ మ్యాచ్ కాన్సాస్ 2-1తో గెలిచింది కూడా. మన పేపర్లకి ఆ వార్త చాలు, యునైటెడ్ మీద ఆడిన భారతీయుడు అని రాసుకున్నాం. లీగ్‌లో మాత్రం ఒక్క నిమిషం దొరకలేదు. సరిగ్గా అదే సమయంలో ఇక్కడ కోచ్ బాబ్ హౌటన్ ఆసియా కప్ కోసం జాతీయ జట్టుతో సుదీర్ఘమైన శిబిరం పెట్టుకున్నాడు. ఛెత్రి సీజన్ పూర్తికాకుండానే కాన్సాస్ వదిలేసి శిబిరానికి వచ్చేశాడు. ఏ క్లబ్ కోచ్ అయినా ఏమనుకుంటాడు? జట్టులో చోటు కోసం కొట్లాడాల్సిన కుర్రాడు నెలల తరబడి సొంత దేశం పిలిచిందని వెళ్లిపోతే ఆ చోటు ఖాళీగా ఉంచి ఎదురుచూస్తాడా?

లిస్బన్‌లోనూ దాదాపు ఇదే. 2012 జులైలో స్పోర్టింగ్ రెండేళ్ల ఒప్పందం ఇచ్చింది. రొనాల్డోని తయారు చేసిన క్లబ్ అది. వెళ్లాక కొద్ది రోజులకే మొదటి జట్టుకి నువ్వు చాలవు, బి టీమ్‌కి వెళ్లు అన్నారట, ఆ మాట నిజమేనని, అక్కడి వేగం తనకి అందలేదని ఛెత్రే తర్వాత చాలాసార్లు దాపరికం లేకుండా చెప్పాడు. ఆ బి టీమ్‌లో ఎవరున్నారో చూడండి. ఎరిక్ డయర్‌కి 18, జొవావ్ మారియోకి 19, బ్రూమాకి 18 కూడా నిండలేదు. నాలుగేళ్లలో డయర్ ఇంగ్లండ్‌కి, జొవావ్ మారియో యూరో కప్ గెలిచిన పోర్చుగల్‌కి ఆడారు. వాళ్ల మధ్య ఆగస్టులో 28 నిండే భారత కెప్టెన్. ఇంటర్ చదివే పిల్లల క్లాసులో లెక్చరర్‌ని కూర్చోబెట్టినట్టు, కాకపోతే పాఠం మాత్రం పిల్లలకే బాగా వచ్చు.

ఇంకో సంగతి. జులైలో చేరాడు కదా, ఆగస్టు ఆఖరి వారంలో, పోర్చుగల్‌లో లీగ్ మొదలయ్యే రోజుల్లో అతను ఎక్కడున్నాడు? ఢిల్లీలో, నెహ్రూ కప్‌లో, కెప్టెన్ పట్టీతో. ఫైనల్లో కామెరూన్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తాడు. కామెరూన్ పంపింది అసలు జట్టు కాదు, వాళ్ల దేశంలో ఆడుకునే కుర్రాళ్ల జట్టు. అందరం సంబరపడ్డాం, నేనూ పడ్డాను. కానీ కొత్త కంపెనీలో చేరిన రెండో నెలలోనే ఊళ్లో జాతర ఉందని సెలవు పెట్టి వచ్చేసినవాడికి ప్రమోషన్ ఎప్పుడొస్తుంది? మరుసటి ఏడాది మొదట్లో లోన్ మీద గోవా క్లబ్ చర్చిల్ బ్రదర్స్‌కి వచ్చేశాడు, ఆ తర్వాత బెంగళూరు ఎఫ్‌సీ, అక్కడితో విదేశాల అధ్యాయం ముగిసింది.

తప్పు అతనిదా? సగం. ఇంకో సగం అతన్ని ప్రతి చిన్న టోర్నమెంట్‌కీ పిలిచిన ఫెడరేషన్‌ది, ఆ పిలుపుని దేశభక్తి పరీక్షలా చూసిన మనది. దేశం కోసం అన్నీ వదిలేసి వచ్చాడు అని గర్వంగా చెప్పుకుంటాం, వదిలేసి రావడం వల్ల దేశానికి లాభమో నష్టమో లెక్క వేసినవాళ్లు లేరు. రెండేళ్లు లిస్బన్‌లో పళ్లు బిగించి కూర్చుని ఉంటే 94 గోల్స్‌లో ఓ పది పదిహేను తగ్గేవేమో. బదులుగా ఆసియా కప్‌లో రెండు మూడు పెరిగేవని నా అంచనా, అంచనా మాత్రమే.

ఎందుకంటే ఆ గోల్స్‌ని విడదీసి చూడాలి. ఆసియా కప్ ప్రధాన టోర్నమెంట్‌లో ఛెత్రి గోల్స్ నాలుగు. 2011లో బహ్రెయిన్ మీద ఒకటి, దక్షిణ కొరియా మీద పెనాల్టీ, ఆ రెండు మ్యాచ్‌లూ ఓడిపోయాం. 2019లో థాయ్‌లాండ్ మీద రెండు, 4-1 గెలుపు, నా దృష్టిలో ఛెత్రి కెరీర్‌లో అన్నిటికంటే గొప్ప రాత్రి అదే. మూడోది, 2024 జనవరిలో జరిగిన ఆసియా కప్, అందులో ఇండియా మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. మిగతా గోల్స్‌లో నేపాల్, మాల్దీవులు, బంగ్లాదేశ్ లాంటి జట్ల వాటా పెద్దది. చిన్న జట్ల మీద కొట్టినవి గోల్స్ కావా అంటే, అవుతాయి, 170 సెంటీమీటర్ల మనిషి తనకంటే జానెడు పొడుగున్న డిఫెండర్ల మధ్య ఎగిరి తలతో కొట్టడం నేపాల్ మీదైనా కష్టమే, 2005లో క్వెట్టాలో పాకిస్థాన్ మీద మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టి ఆ సంబరంలో పాకిస్థాన్ ప్రేక్షకుల వైపే పరిగెత్తిన కుర్రాడు పందొమ్మిదేళ్లు అదే పని చేస్తూ ఉండటం మామూలు విషయం కాదు. నా పేచీ ఆ గోల్స్‌తో కాదు, వాటిని మెస్సీ గోల్స్ పక్కన పెట్టి చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోవడంతో.

అలా వెళ్లిపోవడం వల్ల ఏం జరిగిందో చూడండి. ఛెత్రి ఉన్నాడుగా అని తర్వాతి స్ట్రైకర్ గురించి ఎవరూ ఆలోచించలేదు. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది, డబ్బొచ్చింది. మరుసటి ఏడాది వేలంలో ముంబై ఛెత్రిని 1.2 కోట్లకి కొంది. ఇంట్లోనే ఇంత వస్తుంటే పోర్చుగల్ రెండో డివిజన్‌కి బెంచీ మీద కూర్చోడానికి ఎవడు వెళ్తాడు? పైగా ఈ లీగ్‌లో గోల్ ముందు నిలబడే చోటు దాదాపు ప్రతి క్లబ్‌లోనూ విదేశీయుడిదే. బెంగళూరులో వెనెజువెలా ఆటగాడు మికూని మధ్యలో పెట్టి సాక్షాత్తూ దేశ కెప్టెన్‌ని రెక్క వైపు, అంటే మైదానం అంచుకి జరిపారు. 2017-18లో మికూ 15, ఛెత్రి 14 గోల్స్ కొట్టారు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు. ఛెత్రి అయితే రెక్క నుంచి కూడా కొడతాడు. ఇరవై ఏళ్ల కుర్రాడి సంగతో?

మన హైదరాబాద్ ఎఫ్‌సీనే తీసుకోండి. 2021-22లో లీగ్ గెలిచింది, కోచ్ మనోలో మార్కెజ్, గోల్స్ కొట్టింది నైజీరియా నుంచి వచ్చిన బార్తొలొమ్యూ ఒగ్బెచే, ఆ సీజన్‌లో 18. క్లబ్ కోచ్‌గా మార్కెజ్ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. తర్వాత అదే మార్కెజ్ జాతీయ జట్టు కోచ్ అయ్యాడు, చుట్టూ చూస్తే గోల్ కొట్టే భారతీయుడు కనిపించలేదు, లీగ్‌లో 2024-25 సీజన్‌లో 14 గోల్స్ కొట్టిన భారతీయుడి వయసు 40. చేసేదేముంది, రిటైరైన ఛెత్రినే మళ్లీ పిలిచాడు. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద, లిస్టన్ కొలాసో క్రాస్ వేస్తే ఛెత్రి తలతో కొట్టాడు, 95. స్టేడియం ఊగిపోయింది. నాకు మాత్రం పెన్షన్ తీసుకుంటున్న నాన్న కొడుకు ఫీజు కట్టడానికి మళ్లీ డ్యూటీకి వెళ్తున్నట్టు అనిపించింది. ఆ అక్టోబర్‌లో సింగపూర్ చేతిలో మార్గావ్‌లో 1-2తో ఓడి 2027 ఆసియా కప్‌కి దూరమయ్యాం, జట్టులో 41 ఏళ్ల ఛెత్రి ఉన్నాడు. హైదరాబాద్ ఎఫ్‌సీ అయితే ఊరే వదిలేసి ఢిల్లీకి వెళ్లి పేరు మార్చుకుంది.

ఈ సందట్లో మనం పట్టించుకోని ఫార్వర్డ్ ఒకరున్నారు, అచ్చంగా మన మనిషి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది, అప్పటికి ఆమెకి 21. ఛెత్రి కాన్సాస్ వెళ్లిన వయసు కంటే నాలుగేళ్లు ముందే అన్నమాట. అక్కడి నుంచి తిరిగొచ్చి ఇక్కడి లీగ్‌లో, జాతీయ జట్టులో ఆడుతోంది. మగవాళ్లు ఆసియా కప్‌కి దూరమైన అదే 2025లో మన మహిళల జట్టు థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించింది. జాగ్రెబ్‌లో ప్రాక్టీస్ ఎలా ఉండేది, తిండి ఏం తినేది, చలికాలంలో తెల్లవారి మైదానంలోకి దిగితే మొదటి వారం ఏమనిపించింది, బెంచ్ మీద కూర్చున్న రోజున ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పింది అని ఆమెని కూర్చోబెట్టి అడిగిన తెలుగు ఇంటర్వ్యూ ఒక్కటి కూడా నాకు ఇంతవరకు కనపడలేదు. మీకు కనపడితే లింకు పంపండి.