ఐదో టైరుకు నిమ్మకాయేదీ?

కారు కొన్నప్పుడు దాంతోపాటు ఒక లావుపాటి పుస్తకం ఇస్తారు. డాష్‌బోర్డు అరలో, ఇన్సూరెన్సు కాగితాల కింద, ప్లాస్టిక్ కవర్ కూడా చింపకుండా పడి ఉంటుంది. దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిన హైదరాబాదీ ఎవరైనా దొరికితే ట్యాంక్‌బండ్ మీద విగ్రహం పెట్టాలని కొందరు ఎగతాళి చేస్తుంటారు. ఆ ఎగతాళిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఆ పుస్తకం రాసినవాళ్లకు మన ఊరి సంగతులేం తెలుసు? కారును ఎలా చూసుకోవాలో మన పద్ధతులు మనకున్నాయి. అవి పెద్దల నోట విన్నవి, పార్కింగ్‌లో పక్క ఫ్లాటాయన చెప్పినవి. వాటిని వెనకేసుకొచ్చే నాథుడు లేకుండా పోయాడు కాబట్టి ఆ భారం నేనే ఎత్తుకుంటున్నాను.

మొదటిది ముహూర్తం. డెలివరీకి తిథి చూస్తాం, నక్షత్రం చూస్తాం, వర్జ్యం తప్పిస్తాం. రాహుకాలం దాటేదాకా షోరూంలో కూర్చుని వాళ్లిచ్చిన కాఫీ రెండోసారి కూడా తాగుతాం. ఇంత నిష్ఠ గల మనల్ని పట్టుకుని టైరు పుట్టినతేదీ చూశారా అని అడుగుతారు కొందరు మెకానిక్ మేధావులు. టైరు పక్కభాగం మీద డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయట. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం పుట్టిందని అర్థమట. వయసు మీరిన టైరు రబ్బరు గట్టిపడి సన్నగా పగుళ్లిస్తుందట. గాడులు ఎంత లోతుగా కనిపించినా దాన్ని నమ్మకూడదట. ఆ గాడుల లోతు కూడా 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చట్టం. అది కనిపెట్టడానికి గాడుల అడుగున చిన్న చిన్న రబ్బరు దిమ్మెలు పెట్టారు. టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. మనం మాత్రం బొటనవేలితో ఓసారి తడిమి, "ఇంకో ఏడాది ఢోకా లేదు" అని తీర్పు చెప్తాం. జాతకం చూడకుండానే ఆయుష్షు చెప్పగలగడం మామూలు విద్యా?

రెండోది పూజ. పెద్దమ్మ గుడి దగ్గరో, కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దగ్గరో బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేయిస్తాం. బంతిపూల దండ, గుమ్మడికాయ, కొబ్బరికాయ అన్నీ అయ్యాక నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. కారు నెమ్మదిగా కదులుతుంది. నాలుగూ చిట్లుతాయి. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఐదో టైరు సంగతి ఎవరికీ గుర్తు రాదు.

పాపం, అది డిక్కీలో కార్పెట్ కింద చీకట్లో ఉంటుంది. దాని మీద పాతిక కిలోల బియ్యం బస్తా, పిల్లాడి క్రికెట్ కిట్టు, పోయిన సంక్రాంతికి ఊరి నుంచి తెచ్చి దించడం మరిచిపోయిన కొబ్బరికాయలు. వాడకపోయినా టైర్లోంచి గాలి కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది. అందుకని నెలకోసారి మిగతా నాలుగింటితో పాటు దాన్నీ చూడమంటారు. చూడాలంటే డిక్కీ ఖాళీ చెయ్యాలి. హైదరాబాద్‌లో డిక్కీ ఖాళీ చేయడం టూ బీహెచ్‌కే ఖాళీ చేయడం కన్నా కష్టం. పైగా కొన్ని కార్లలో ఆ ఐదో టైరు అసలు ఉండదు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, రిపేరు కిట్టు ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. కాబట్టి కొందరు మారాజులు శంషాబాద్ వెళ్లే దారిలో టైరు పంచరయ్యాక, బియ్యం బస్తా దించి, కార్పెట్ ఎత్తి, అక్కడ ఒక డబ్బా, ఒక చిన్న పంపు మాత్రమే చూసి, షోరూం వాడు టైరు కొట్టేశాడని నిర్ధారణకొస్తారు.

ఇక గాలి గురించి. ఇక్కడ మన ఊరి సిద్ధాంతం చాలా గట్టిది. ఎండాకాలం రోడ్డు కాలిపోతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది, టైరు పేలుతుంది, కాబట్టి మే నెలలో గాలి తగ్గించి కొట్టించాలి. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! అయితే టైరుకు ఈ తర్కం తెలియదు. గాలి తక్కువైతే దాని పక్కభాగాలు తిరిగిన ప్రతిసారీ ఎక్కువ వంగి లేస్తాయి. వంగిన కొద్దీ రబ్బరు లోలోపల వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి పొరలు విడిపోయి, అవుటర్ రింగు రోడ్డు మీద వంద దాటిన వేగంలో ఉండగా బాంబులా పేలుతుంది. ఎండకు గాలి కాస్త ఉబ్బుతుందన్నది నిజమే కానీ, ఆ లెక్క చూసుకున్నాకే కంపెనీ వాడు ఎంత గాలి ఉండాలో అంకె నిర్ణయించాడు. ఆ అంకె డ్రైవర్ వైపు తలుపు తీస్తే పక్కనున్న స్తంభం మీద చిన్న కాగితంపై ఉంటుంది. కారు నిండా మనుషులు, సామాను ఉంటే వేరే అంకె అని కూడా అందులోనే రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉండగా, అంటే కారు బయలుదేరే ముందు, ఆ అంకె ప్రకారం చూడాలి. ఇన్ని వివరాలు ఎవరికి కావాలండీ? పంచర్ షాపు కుర్రాడు ఎంత కొట్టమంటారని అడిగితే "అన్నిట్లో ముప్పై ఐదు కొట్టు" అంటే సరిపోతుంది. ఏ కారో, ఏ టైరో అతనూ అడగడు, మనమూ చెప్పం. కాస్త చదువుకున్నవాళ్లయితే డబ్బు కట్టి నైట్రోజన్ పట్టిస్తారు. ఊరికే వచ్చే మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే ఉందన్న విషయం పదో తరగతి సైన్సు పరీక్షతోపాటే మరిచిపోయాం.

ఇంజన్ ఆయిల్, కూలెంట్, వైపర్లు, బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పను. ఆయిల్ ఎంతుందో చూడటానికి ఒక పుల్ల ఉందనీ, దాన్ని బయటకు లాగి, తుడిచి, మళ్లీ పెట్టి చూడాలనీ కొందరు పట్టుదలగా వాదిస్తారు. వైపర్ల సంగతి జూన్‌లో మొదటి వాన పడ్డప్పుడు ఎలాగూ తెలుస్తుంది. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు మొహం మీద కొడతాయన్న ఒక్క విషయంలో మాత్రం పుస్తకాన్ని ఎదిరించే సాహసం నేను చేయను.

అసలు పరీక్ష రోడ్డు మీదే ఉంటుంది. మా కాలనీలో ఒక బావ, బావమరిది ఎయిర్‌పోర్టుకు పోతూ అవుటర్ మీద పంచరై నిలబడ్డ వైనం వింటే మన సంప్రదాయం ఎంత సజీవంగా ఉందో తెలుస్తుంది. 158 కిలోమీటర్ల రోడ్డు, ఎనిమిది లేన్లు, కుడి లేన్లలో గంటకు 120 దాకా పోవచ్చు. పోయింది కుడి వైపు వెనక టైరు. అంటే బండ్లు దూసుకొచ్చే వైపు.

"బావా, బ్రేక్ గట్టిగ కొట్టకు. ఎక్సిలరేటర్ వదిలి, మెల్లగ లెఫ్ట్‌కి తీస్కపో," అన్నాడు బావమరిది.

"గాలి లేకుంట నడిపితే టైరు ఖరాబైతదిరా. ఈడనే ఆపుదాం."

టైరు దక్కింది. టైరు ముక్కలై, రిమ్ము వంగినా సరే, బండిని నెమ్మదిగా ఎడమ అంచుకో, ఎగ్జిట్‌కో చేర్చాలనీ, టైరు మళ్లీ కొనుక్కోవచ్చనీ వాదించేవాళ్లకు టైరు ధర తెలియదు. వెనక సీట్లో ఉన్న అక్కనూ, అత్తగారినీ ఎడమ వైపు నుంచి దించి రెయిలింగ్ అవతల నిలబెడదామన్నాడు బావమరిది. అత్తగారు దిగనంది. లోపల ఏసీ ఉంది మరి.

ఎర్ర త్రికోణం బోర్డు తీసి వెనక కనీసం యాభై మీటర్ల దూరంలో పెట్టాలి. కానీ దాని కవర్ జిప్పు బిగుసుకుపోయింది. బావ నాలుగు ఇండికేటర్లూ వేసి ఊరుకున్నాడు. ఈ నాలుగు ఇండికేటర్ల భాషలో మన ఊరికి ప్రత్యేక మాండలికం ఉంది. చౌరస్తాలో నేరుగా పోతున్నానంటే అవే. వాన పడితే అవే. నో పార్కింగ్‌లో బండాపి మిర్చి బజ్జీలు కట్టించుకుంటున్నానంటే అవే. అందుకని నిజంగా ఆపదలో ఉన్నవాడు అవి వేసుకుంటే వెనకొచ్చేవాడు వీడు బజ్జీల కోసమే ఆగాడనుకుంటాడు.

"ముందు నట్లు లూజు చేద్దాం బావా, తర్వాత జాకీ లేపుదాం."

"పదేండ్ల సంది కారు నడుపుతున్న. నువ్వు నాకు చెప్తవా?"

జాకీ లేపారు. చక్రం గాల్లోకి లేచింది. స్పానర్ వేసి తిప్పితే నట్టుకు బదులు చక్రమే గిర్రున తిరిగింది. కిందకు దించారు. సర్వీసు సెంటర్లో మిషన్‌తో బిగించిన నట్టు చేతికి రాలేదు. బావ స్పానర్ మీద ఎక్కి నిలబడ్డాడు. హ్యాండ్ బ్రేక్ వేయలేదని, గేరులో పెట్టలేదని, ఎదురు టైరుకు రాయి అడ్డం పెట్టలేదని అప్పుడు కనిపెట్టింది అత్తగారే. కారు కొద్దిగా వెనక్కి జరిగిందట.

"ఆయనకి చెప్పకు తమ్ముడూ, యూట్యూబ్ పెట్టి ఇయ్యి," అంది అక్క కిటికీలోంచి.

ఆ పక్కనే బోర్డు మీద హెల్ప్‌లైన్ నంబర్ ఉంది. 112 ఎలాగూ ఉంది. ఫోన్ చేస్తే పరువేం కావాలి?

చివరికి స్టెప్నీ ఎక్కింది. నట్లు ఒకదాని తర్వాత ఒకటి వరసగా గాక ఎదురెదురుగా బిగించాలి, బండి నేల మీదికి దిగాక ఇంకోసారి గట్టిగా బిగించాలి, యాభై కిలోమీటర్లు పోయాక మళ్లీ చూసుకోవాలి. స్టెప్నీ సన్నగా ఉండి దాని మీద 80 అని స్టిక్కర్ ఉంటే ఆ వేగం దాటకూడదు. బావ దాటాడు, ఫ్లైటు దిగే టైమైందని. పంచరైన టైరు మాత్రం డిక్కీలోకి చేరి, బియ్యం బస్తా కింద పడుకుని, నాలుగు నెలలుగా స్టెప్నీ అనే హోదా అనుభవిస్తోంది.

పంచర్ వేయించుకుంటే మాత్రం ఏమొరుగుతుంది? చెట్టు కింద షాపు కుర్రాడు టైరు మీద సబ్బునీళ్లు చల్లుతాడు. బుడగలొచ్చిన చోట పటకారుతో మేకు లాగుతాడు. సూదితో బెజ్జం గరుకు చేసి, గమ్ము పూసిన తీగ దోపి, బయటకొచ్చిన ముక్కను బ్లేడుతో కోసేస్తాడు. అంతా అయిదారు నిమిషాలు. మనం చాయ్ తాగడానికి పోయి వచ్చేసరికి "ఒకటి కాదు సార్, నాలుగున్నయి" అంటాడు. అక్కడే నిలబడి బుడగలు లెక్కపెట్టుకునేవాళ్లను నేను గౌరవించను. వాళ్లకు మనుషుల మీద నమ్మకం లేదు. పంచర్ పక్కభాగంలో అయితే తీగ పనికిరాదనీ, టైరు మార్చాల్సిందేననీ చెప్పే కుర్రాడు దొరికితే అతన్ని కూడా అనుమానించాలి. టైర్లు అమ్మేవాడు వాడికేమవుతాడో?

ఇన్ని చెప్పాక ప్రభుత్వానికి ఒక్క విన్నపం. ఫ్యాన్సీ నంబర్ల మీద మనకున్న మక్కువ తెలిసిందే. 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏలో టీజీ 09 9999 పాతిక లక్షలకు పైగా పలికింది. ఆ డబ్బుతో ఊరందరికీ గాలి కొలిచే గేజీలు కొనిపెట్టవచ్చని లెక్కలేసే పిసినారుల మాట అటుంచండి. స్టెప్నీకి కూడా నంబర్ ప్లేటు తప్పనిసరి చేసి, దానికీ ఫ్యాన్సీ నంబర్లు వేలం వెయ్యాలి. డబ్బులు పోసి కొన్న నంబర్ కాబట్టి వచ్చిన చుట్టానికల్లా డిక్కీ తెరిచి, బస్తా జరిపి, కార్పెట్ ఎత్తి చూపిస్తారు. నంబర్ కింద టైరు చప్పబడి ఉంటే చుట్టాల ముందు పరువు తక్కువ కాబట్టి గాలీ కొట్టిస్తారు. దరఖాస్తు ఫారం నమూనా నేనే తయారు చేసి పెట్టాను. స్టెప్నీలో ప్రస్తుతం గాలి ఎంతుందో రాయడానికి అందులో ఒక గడి ఉంది. ఆ గడికి తప్పనిసరి అనే స్టార్ గుర్తు మాత్రం పెట్టలేదు. పెడితే ఒక్కరూ ఫారం నింపరు.